పక్కింటోళ్ళు ఒక అరలో, ప్రేమికులు ఇంకో అరలో: తిరుపతిలో ఓ పాత పుస్తకాల షాపు

తిరుపతిలో తెలుగు కథల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని ఎవరైనా అడిగితే నేను చెప్పేది గాంధీ రోడ్డు వెనక సందులో ఉన్న పాత పుస్తకాల షాపు గురించే. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి కాబట్టి పేరు రాయడం లేదు. గోవిందరాజస్వామి గుడి దగ్గర నుంచి నడుచుకుంటూ పోవచ్చు. బండి మాత్రం తీసుకుపోకండి, పెట్టుకోవడానికి చోటు దొరకదు. షాపు చాలా చిన్నది, లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్ల మీద ఆగాల్సిందే. ముందు వరసంతా డీఎస్సీ, గ్రూప్స్ గైడ్లు, ఇంటర్ మెటీరియల్. వ్యాపారం నడిచేది వాటితోనే. కథలన్నీ వెనక గోడకున్న ఒకే ఒక్క ర్యాకులో ఉంటాయి, నేను రాస్తున్నది ఆ ర్యాకు గురించి.

మామూలుగా షాపుల్లో పుస్తకాలు రచయిత పేరును బట్టో, పబ్లిషర్‌ని బట్టో సర్దుతారు. ఇక్కడ మాత్రం షాపు నడిపే అన్న, కథల్లో ఉండే మనుషుల్ని బట్టి సర్దాడు. పై అర పక్కింటోళ్ళది, మధ్య అర స్నేహితులది, కింది అర ప్రేమికులది, మొగుడూపెళ్ళాలది. ఒక్కో సంపుటిలో అన్ని రకాల కథలూ కలిసే ఉంటాయి కదా, అందుకని ప్రతి పుస్తకంలో ఒక చీటీ పెడతాడు, ఏ కథలో ఎవరెవరు ఉన్నారో, వాళ్ళ మధ్య ఏం నడుస్తోందో పెన్సిల్‌తో రెండు మూడు మాటల్లో రాసి. "పక్కింటోళ్ళ కథలు ఏమన్నా ఉండాయా నా?" అని అడిగితే వెంటనే పుస్తకం తీసివ్వడు. "కొట్టుకునేటివా, కొట్టుకోకుండా ఓర్చుకునేటివా?" అని ఎదురు అడుగుతాడు.

నాకు కావలసినవి ఆ రెండో రకం కథలే. కొట్టుకుంటే గొడవ బయటపడుతుంది, నలుగురూ వచ్చి సర్దిచెబుతారు, కథ అక్కడికి అయిపోతుంది. ఓర్చుకునే మనుషులు అలా కాదు. మోటారు నీళ్ళ దగ్గరో, గేటు ముందు పెట్టిన బండి దగ్గరో మనసులో ఒకటి పెట్టుకుని, పొద్దున కనిపిస్తే "టిఫిన్ అయిందా" అని నవ్వుతూ పలకరిస్తారు. ఆ నవ్వుకీ, మనసులో ఉన్నదానికీ మధ్య దూరాన్ని చూపించగలిగితే ఆ పాత్ర నాకు ఏళ్ళ తరబడి గుర్తుండిపోతుంది.

చాసో రాసిన 'వాయులీనం' ఉన్న సంపుటి కింది అరలో దొరికింది. చీటీలో ఆ కథ పేరు పక్కన "మొగుడు మంచోడే" అని ఒక్క ముక్క ఉంది. ఆ కథ గురించి నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాలకన్నా ఆ ముక్కే నాకు ఎక్కువ పనికొచ్చింది. భార్య జబ్బు పడితే వైద్యం కోసం ఆమె వయొలిన్ అమ్మేస్తాడు భర్త, మిగిలిన డబ్బుతో ఆమెకే చీర కొంటాడు. అతను తాగుబోతో, దుర్మార్గుడో అయ్యుంటే మనం నాలుగు తిట్లు తిట్టి పుస్తకం మూసేసేవాళ్ళం. మంచివాడు కాబట్టే ఆ చీర చూస్తే గుండె బరువెక్కుతుంది. ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేకపోవడమే ఆ కథలో అసలు కష్టం.

అదే అరలో గురజాడ 'దిద్దుబాటు' కూడా ఉంది. 1910లో వచ్చిన కథ, స్కూల్లో పాఠంగా చెప్పి దాన్ని సంఘ సంస్కరణకి కుదించేశారు గానీ, పనివాడు రాముడి కోసం మళ్ళీ చదివి చూడండి. భోగంమేళం చూసి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావు, ఉత్తరం రాసిపెట్టి వెళ్ళిపోయినట్టు కనిపిస్తూ మంచం కింద దాక్కున్న కమలిని, ఆ ఇద్దరి మధ్య నలిగేవాడు రాముడు. అయ్యగారికి ఎదురు చెప్పలేడు, చెప్పకుండానూ ఉండలేడు. నాకు ఆ కథలో అందరికన్నా దగ్గరగా అనిపించేది అతనే.

బుచ్చిబాబు 'నన్ను గురించి కథ వ్రాయవూ?' ఉన్న పుస్తకాన్ని ఏ అరలోనూ పెట్టకుండా రెండు అరల మధ్య పలక మీద అడ్డంగా పడుకోబెట్టాడు. ఎందుకని అడిగితే "అది స్నేహమో ఇంకోటో కుముదానికే తెల్సు, మనమెట్ల జెప్పేది?" అన్నాడు. కుముదం ఆ కథలో అమ్మాయి. నేనూ అదే అంటాను. పేరు పెట్టలేని బంధాన్ని తెచ్చి ఒక పేరు కింద కూర్చోబెడితే ఆ కథ సగం చచ్చిపోతుంది.

స్నేహితుల అర మిగతా రెండిటికన్నా పలచగా ఉంది. అందులో త్రిపుర రాసిన 'భగవంతం కోసం' ఉంది, ఎంత ఎదురుచూసినా భగవంతం రానే రాడు. రాని మనిషి కూడా పాత్రే అని నాకు ఆ కథ వల్లే తెలిసింది. అయితే తిరుపతిలో ఉండేవాళ్ళకి దీనికి పూర్తిగా ఉల్టా అనుభవం ఒకటి ఉంటుంది: పదేళ్ళుగా ఫోన్ కూడా చేయని స్నేహితుడు ఉన్నట్టుండి చేసి, పిల్లల చదువులూ ఆరోగ్యాలూ అన్నీ అడిగి, చివర్లో "దర్శనం టికెట్లు ఏమైనా దొరుకుతాయా, సిఫార్సు లెటర్ ఎవరైనా ఇస్తారా" అంటాడు. అతనికి మన మీద ప్రేమ లేదని చెప్పలేం, అలాగని ఉందనీ గట్టిగా చెప్పలేం. కాదంటే ఉన్న స్నేహం పోతుందేమో, ఔనంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలీదు. ఈ ఊళ్ళో ఇంటింటా ఉన్న ఈ టెన్షన్ మీద మంచి కథ కావాలని అన్నని అడిగాను. వెతుకుతానన్నాడు, ఇంకా దొరకలేదు. ఇక్కడ రాసేవాళ్ళు ఎవరైనా దీన్ని తీసుకుంటే బాగుండు.

పై అరలో సగం మన పాత చిత్తూరు జిల్లా వాళ్ళవే. 1993లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మధురాంతకం రాజారాం కథలు, నామిని 'మిట్టూరోడి కథలు', పులికంటి కృష్ణారెడ్డి కథలు. నామిని మనుషులు మాట్లాడేది అచ్చంగా మా పక్కింటి అవ్వ మాట్లాడినట్టే ఉంటుంది, తిట్టులోనే చనువు ఉంటుంది, ఆ చనువులోనే మళ్ళీ ఒక దెప్పు. ఇరుగుపొరుగు కథకి యాస ఎంత అవసరమో అక్కడ చదివితే తెలుస్తుంది. అదే మాటని పుస్తకాల భాషలోకి మారిస్తే ఆ అవ్వ కోపంగా అంటోందో ప్రేమగా అంటోందో మనకి అందకుండా పోతుంది. 1990 నుంచి కథాసాహితి వాళ్ళు వేస్తున్న వార్షిక సంకలనాల్లోవి కూడా కొన్ని ఉన్నాయి, విడివిడిగా ఇస్తాడు.

లోపాలూ ఉన్నాయి, అవి చెప్పకపోతే ఇది రివ్యూ కాదు. పక్కింటోళ్ళ అరలో పల్లె కథలే ఎక్కువ. అపార్ట్‌మెంట్లో ఎదురెదురు తలుపుల వాళ్ళ కథలు కావాలంటే బాగా వెతకాలి. ఆడవాళ్ళు రాసినవి మరీ తక్కువ, ఉన్న కొన్నీ కింది అరలోనే ఉన్నాయి, ఆడవాళ్ళు ప్రేమా పెళ్ళీ గురించే రాస్తారన్నట్టు. ఇది అన్నతో గట్టిగానే చెప్పాను, వినాలి మరి. పుస్తకం కొనేముందు పేజీలన్నీ తిప్పి చూసుకోండి. నేను కొన్న ఒక సంపుటిలో ఒక కథకి చివరి ఆకు లేదు. ఇద్దరు స్నేహితులు ఎదురుపడే చోటే చిరిగిపోయింది, రెండు రోజులు ఇంకో పని మీద మనసు పెట్టలేకపోయాను. తీసుకుపోయి చూపిస్తే మారు మాట్లాడకుండా డబ్బు తిరిగిచ్చాడు, అది వేరే సంగతి.

ధర లోపలి అట్ట మీద రాసి ఉంటుంది. ఎక్కువ పుస్తకాలు 40 నుంచి 120 రూపాయల లోపే, ఇప్పుడు అచ్చులో లేనివి మాత్రం బాగా ఎక్కువ, వాటికి బేరం ఒప్పుకోడు. చదివి తెచ్చిస్తే సగం ధరకి వెనక్కి తీసుకుంటాడు. చీటీ పుస్తకంతోపాటే ఇస్తాడు, పారేయకండి, తిరిగిచ్చేటప్పుడు దాని వెనక మీ మాట కూడా ఒకటి రాసిస్తే ఆయనకి చాలా సంతోషం. సాయంత్రం ఆరు తర్వాత పోతే తీరిగ్గా మాట్లాడతాడు. డీఎస్సీ నోటిఫికేషన్ పడిన రోజుల్లో మాత్రం పోవద్దు, గైడ్ల కోసం వచ్చే పిల్లలతో సందంతా నిండిపోయి ఉంటుంది, వెనక ర్యాకు దాకా చేరలేరు.