ఒకేచోట నలభై ఏళ్లు: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఊళ్లలో మా యాత్ర

నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్ పోయినసారే చూసేశాం. 2025 జనవరి చివర్లో మళ్లీ నార్త్ కరోలినాలోని కేరీకి, మా అబ్బాయి ఇంటికి చేరాక "ఈసారి ఏం చూస్తారు నాన్నా?" అని వాడు అడిగాడు. నా జవాబు సిద్ధంగానే ఉంది. నేను 34 ఏళ్లు హైస్కూళ్లలో డ్రిల్ మాస్టారిగా పనిచేశాను. ఎక్కువగా ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పాను. 60 నిండగానే రిటైరయ్యాను. ఇక్కడేమో కాలేజీ టీములకు 65, 70, 75 ఏళ్ల వాళ్లు కోచ్‌లుగా ఉంటారు, కొందరు ఆ వయసులోనే కప్పు గెలుస్తారు. అది ఎలా సాధ్యమో వాళ్లు పనిచేసిన ఊళ్లకు వెళ్లి చూడాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

కేరీ నుంచి డర్హమ్ కారులో అరగంట కూడా పట్టదు. ఫిబ్రవరిలో ఒక మామూలు రోజు డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లాం. కామెరాన్ ఇండోర్ స్టేడియం 1940లో కట్టింది. బయట నుంచి చూస్తే పాత రాతి చర్చిలా ఉంటుంది. 9,314 మంది పడతారు, అంతే. టీవీలో చూసి పెద్దదనుకున్న మా ఆవిడ "ఇంతేనా!" అంది. కోర్టు పక్కనే విద్యార్థులు నిలబడే మెట్లు ఉన్నాయి. ఆటగాడు బంతి లోపలికి విసరడానికి గీత దగ్గర నిలబడితే వెనకాల ఉన్నవాళ్ల ఊపిరి వాడి మెడకు తగులుతుంది, అంత దగ్గర. బయట గడ్డి మైదానంలో పిల్లలు టికెట్ల కోసం వారాల తరబడి గుడారాలు వేసుకుని ఉంటారు. ఆ చోటికి కోచ్ పేరే పెట్టి షషెవ్‌స్కీవిల్ అంటారు.

మైక్ షషెవ్‌స్కీ, అందరూ పిలిచే పేరు కోచ్ కె, 1980లో ఇక్కడికి వచ్చి 2022లో 75 ఏళ్ల వయసులో దిగిపోయాడు. మొత్తం 1,202 విజయాలు, ఐదు జాతీయ టైటిళ్లు. ఐదోది 2015లో గెలిచేసరికి ఆయనకు 68. ఆ ఫైనల్లో డ్యూక్ కొట్టిన 68 పాయింట్లలో 60 మొదటి సంవత్సరం కుర్రాళ్లవే. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆయన నాలుగేళ్లు ఉండే పిల్లల్ని మెల్లగా తీర్చిదిద్దిన మనిషి. కాలం మారి, మంచి ఆటగాళ్లు ఒక్క ఏడాది ఆడి డబ్బిచ్చి ఆడించే ఎన్‌బీఏ లీగ్‌కి వెళ్లిపోవడం మొదలయ్యాక, అరవై దాటిన వయసులో తన పద్ధతి మార్చుకున్నాడు. పద్ధతి మార్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా ప్రాక్టీసు వరస ముప్పై ఏళ్లు ఒకటే.

కానీ నన్ను అక్కడ ఎక్కువసేపు నిలబెట్టినది టైటిళ్లు కాదు. స్టేడియాన్ని ఆనుకుని ఒక భవనం ఉంది, పేరు ష్వార్ట్జ్-బటర్స్ సెంటర్. డ్యూక్ బాస్కెట్‌బాల్ మ్యూజియం అందులోకి వెళ్లే దారిలోనే ఉంది, ప్రవేశం ఉచితం. ఆ బటర్స్ ఎవరని మా అబ్బాయి అడిగాడు. టామ్ బటర్స్ అప్పటి క్రీడా విభాగం డైరెక్టర్. కోచ్ కె మొదటి మూడు సీజన్లు 17-13, 10-17, 11-17. రెండేళ్లు వరసగా ఓటములే ఎక్కువ. తీసేయమని డబ్బిచ్చే దాతలే ఒత్తిడి చేశారు. 1984లో బటర్స్ ఆయన్ని తీసేయలేదు సరికదా, కాంట్రాక్టు ఐదేళ్లు పొడిగించాడు. మొదటి టైటిల్ ఆ తర్వాత ఏడేళ్లకు, 1991లో వచ్చింది. ఆ భవనం మీద ఆయన పేరు చూసి నాకు కళ్లు చెమర్చాయి.

డర్హమ్‌లో బస చేయాల్సిన పని మాకు లేదు. బయట నుంచి వచ్చేవాళ్లకు నా సలహా, కేరీ లేదా మోరిస్‌విల్‌లో గది తీసుకోండి. తెలుగువాళ్లు ఎక్కువ, కూరగాయల నుంచి ఇడ్లీ పిండి దాకా దొరుకుతాయి, వేంకటేశ్వర స్వామి గుడి దగ్గర్లోనే ఉంది. కామెరాన్‌లో మ్యాచ్ టికెట్ మాత్రం ఆశించకండి. మా అబ్బాయి ప్రయత్నించాడు, మళ్లీ అమ్మే వాళ్లు చెప్పిన ధరకు ఇండియాకి విమానం టికెట్ వస్తుంది.

మ్యాచ్ మేం నార్త్ కరోలినా యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్‌లో చూశాం. డర్హమ్ నుంచి పదహారు కిలోమీటర్లు ఉంటుందేమో. రెండు యూనివర్సిటీల మధ్య పోటీ మాత్రం భయంకరం. డీన్ స్మిత్ సెంటర్‌లో ఇరవై వేల మందికి పైగా పడతారు కాబట్టి పై వరసల్లో టికెట్ దొరికింది. కారు దూరంగా పెట్టి షటిల్ బస్సులో వెళ్లాలి. పెద్దవాళ్లు మెట్లు చూసుకోండి, పై వరసలు చాలా నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీలు అన్నిచోట్లా లేవు. లోపలికి పారదర్శకంగా ఉండే సంచి మాత్రమే రానిస్తారు. మందులు, కళ్లజోడు అందులో సర్దుకుని వెళ్లండి. శబ్దం విషయంలో కామెరాన్‌కు ఉన్న పేరు దీనికి లేదు, నిజమే అనిపించింది. అంత పెద్ద హాల్లో అరుపు పైకి వెళ్లి చెదిరిపోతుంది.

పక్కనే ఉన్న కరోలినా బాస్కెట్‌బాల్ మ్యూజియం మాత్రం నేను చూసిన వాటిలో బాగా అమర్చినది. ఇది కూడా ఉచితమే. అందులో ఒక ఉత్తరం ఉంది. కుర్రవాడైన మైకేల్ జోర్డన్ డ్యూక్ వద్దనుకుని ఇక్కడ చేరుతున్నాడని తెలిసి, కోచ్ కె అతనికి శుభాకాంక్షలు చెబుతూ రాసినది. ఆ గాజు పలక ముందు చాలామంది ఆగుతున్నారు.

డీన్ స్మిత్ 1961 నుంచి 1997 దాకా 36 సీజన్లు ఇక్కడే కోచ్‌గా ఉన్నాడు, 879 విజయాలు. 1965లో ఓడిపోయి తిరిగొచ్చేసరికి విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను వేలాడదీశారు. బస్సులోంచి దిగిన ఆటగాళ్లే దాన్ని పీకేశారు. మొదటి టైటిల్ 1982లో, అంటే 21వ సీజన్‌లో. 2015లో ఆయన చనిపోయాక తన దగ్గర ఆడిన సుమారు 180 మందికి తలా 200 డాలర్ల చెక్కు అందింది. కోచ్ తరఫున హాయిగా బయట భోంచేయండని వీలునామాలో రాసి ఉంచాడు. మా ఆవిడకు ఇది చెబితే మ్యూజియం బెంచీ మీద కాసేపు మాట్లాడకుండా కూర్చుంది. నా దగ్గర ఆడిన పిల్లలు టోర్నమెంటు అయ్యాక మా ఇంట్లోనే భోంచేసేవాళ్లు, వండి పెట్టింది ఆవిడే.

డీన్ స్మిత్ స్వయంగా కాన్సాస్ యూనివర్సిటీలో చదివాడు, అక్కడ కోచ్ ఫాగ్ ఆలెన్ దగ్గర ఆడాడు. ఆలెన్ ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ శిష్యుడు. కెంటకీలో 42 ఏళ్లు కోచ్‌గా ఉన్న అడాల్ఫ్ రప్ కూడా ఆలెన్ దగ్గరే ఆడాడు. సంగీతంలో గురుపరంపర చెప్పుకుంటాం కదా, అలాంటిదే. దాని మూలం చూడకుండా వెనక్కి వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. మార్చి మధ్యలో నేనూ అబ్బాయీ కాన్సాస్ రాష్ట్రంలో ఆ యూనివర్సిటీ ఉన్న లారెన్స్‌కు బయల్దేరాం.

మధ్యలో ఒకచోట విమానం మారి కాన్సాస్ సిటీలో దిగాం. 2023లో తెరిచిన కొత్త టెర్మినల్ శుభ్రంగా, నడక తక్కువగా ఉంది. వీల్‌చెయిర్ సేవ అడిగినవాళ్లకు వెంటనే వచ్చింది. అక్కడి నుంచి అద్దె కారులో గంట. బస విషయంలోనే ఇబ్బంది పడ్డాం. క్యాంపస్‌కు దగ్గర అని రాసిన మోటెల్ నిజానికి హైవే పక్కన ఉంది, నడిచి వెళ్లడానికి ఫుట్‌పాత్ కూడా లేదు. హీటర్ రాత్రంతా మోగుతూనే ఉంది. రాత్రికి 90 డాలర్లు పైచిలుకు. ఇంకాస్త ఎక్కువైనా మసాచుసెట్స్ స్ట్రీట్ వైపు గది తీసుకోవడం మంచిది. షాపులు, హోటళ్లు, నడవడానికి వీలు అన్నీ అక్కడే. మా ఆవిడ కట్టిచ్చిన చపాతీలు, పులిహోర రెండో పూట దాకా సరిపోయాయి.

వాళ్ల ఇండోర్ స్టేడియం ఆలెన్ ఫీల్డ్‌హౌస్ 1955లో మొదలైంది. పదిహేను వేల పైచిలుకు సీట్లు, చాలావరకు చెక్క బెంచీలే. పైన కిటికీల నుంచి ఎండ లోపలికి పడుతుంది. ఒక గోడ మీద "ఫాగ్‌తో జాగ్రత్త" అనే అర్థం వచ్చే పెద్ద బ్యానర్. ఆ హాల్లో నిలబడితే మా జిల్లాలోని పాత ఇండోర్ హాలు గుర్తొచ్చింది, అదే చెక్క వాసన. 1898లో టీము పెట్టిన నాటి నుంచి ఈ యూనివర్సిటీకి ఇప్పటిదాకా ఎనిమిది మందే హెడ్ కోచ్‌లు. ఎనిమిది మందే! నా సర్వీసులో నేను పనిచేసిన స్కూళ్లే ఆరు.

పక్క భవనంలో, డిబ్రూస్ సెంటర్‌లో, 1891లో నైస్మిత్ ఈ ఆటకు రాసి టైపు చేయించిన 13 నియమాల అసలు కాగితాలు ఉన్నాయి. రెండే రెండు కాగితాలు. 2010 వేలంలో డేవిడ్ బూత్ అనే పూర్వ విద్యార్థి కుటుంబం 43 లక్షల డాలర్లకు కొని ఇక్కడ పెట్టించింది. డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకు కొడుతూ తీసుకెళ్లడం, దాని ప్రస్తావనే లేదు వాటిలో. నేను ఒక్కో నియమం పిల్లలకు చెప్పినట్టు పైకి చదువుతుంటే అక్కడ కాఫీ తాగుతున్న ఒక విద్యార్థిని వచ్చి పక్కన నిలబడి వింది. మీరు లారెన్స్ వెళ్తే తొందరపడకుండా చూడవలసినది ఇదే.

కాన్సాస్ కోచ్‌గా నైస్మిత్ లెక్క 55 విజయాలు, 60 ఓటములు. ఆ యూనివర్సిటీ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ ఉన్న కోచ్ ఆయనొక్కడే. అయినా ఆయన పేరున వీధి ఉంది, విగ్రహం ఉంది. ఊరి తూర్పు వైపు శ్మశానంలో సమాధి దగ్గరకు కూడా వెళ్లి దండం పెట్టుకున్నాను.

ఆలెన్ విగ్రహం ముందు మాత్రం బాధ కలిగింది. 1952లో 66 ఏళ్ల వయసులో ఆయన కప్పు గెలిచాడు. ఆ తర్వాత ఏడడుగుల విల్ట్ చాంబర్లెన్‌ను ఒప్పించి తీసుకొచ్చాడు. అప్పటి నియమం ప్రకారం మొదటి ఏడాది విద్యార్థి పెద్ద టీములో ఆడకూడదు. చాంబర్లెన్ ఆడే ఏడాది వచ్చేసరికి ఆలెన్‌కు 70 నిండి, నిబంధన ప్రకారం 1956లో దించేశారు. 1957 ఫైనల్లో కాన్సాస్ మూడుసార్లు అదనపు సమయం ఆడాక ఒక్క పాయింటు తేడాతో, 54-53తో ఓడింది. రప్‌ను కూడా 1972లో 70 ఏళ్లకే పంపేశారు. కప్పు గెలిచిన అతి పెద్ద వయసు కోచ్‌గా ఆలెన్ రికార్డు 2011 దాకా నిలిచింది. ఆ ఏడాది కనెక్టికట్ కోచ్ జిమ్ కాల్‌హూన్ 69వ పుట్టినరోజుకు నెల ముందు గెలిచాడు.

నేను చివరిగా చేసిన స్కూల్లో సిమెంటు కోర్టు, నెట్లు లేని రింగులు. అయిదేళ్లు కష్టపడితే ఆడపిల్లల టీము జిల్లా స్థాయిలో గెలవడం మొదలైంది. ఆరో ఏడాది నాకు రిటైర్మెంట్. అంతకుముందు స్కూళ్లలోనూ అంతే, టీము కుదురుకునేసరికి బదిలీ. ఎనిమిదేళ్లకు మించి ఒకచోట ఉండనివ్వరు. పల్లెల్లో ఇరుక్కుపోయిన వాళ్లకు ఆ నిబంధన న్యాయమే చేసింది, కాదనను. కానీ టీము అనేది సబ్జెక్టు కాదు, ఇంకో మాస్టారు వచ్చి మర్నాడు తర్వాతి పాఠం చెప్పడానికి. సిరక్యూస్ యూనివర్సిటీలో కోచ్ జిమ్ బేహైమ్‌కు మొదటి, ఏకైక టైటిల్ 27వ సీజన్‌లో, 2003లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో మహిళల కోచ్ టారా వాండర్‌వీర్ 1992లో గెలిచాక మళ్లీ గెలవడానికి 29 ఏళ్లు పట్టింది, అప్పటికి ఆమెకు 67. ఈ 27, 29 ఏళ్లు వాళ్లను ఎవరో ఉండనిచ్చారు. వాళ్ల ఓపిక గురించి అందరూ రాస్తారు. ఆ ఉండనిచ్చినవాళ్ల గురించి ఎవరూ రాయరు.

మార్చి చివర్లో మా ఆవిడ కోసం, నిజానికి నా కోసం కూడా, టెన్నెసీలోని నాక్స్‌విల్ వెళ్లాం. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను కొండల్లో హైవేను కోసేసింది. మార్చిలోనే ఒక్కో వైపు ఒక్కో లేన్ తెరిచారు. అక్కడ చాలా నెమ్మదిగా వెళ్లాల్సి వచ్చింది, ఆరు గంటల దారి ఏడు దాటింది. వంటగది ఉన్న గది తీసుకున్నాం, ఈ యాత్రలో మంచి బస అదే. మహిళల బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు టికెట్ ఉంది. భవనం మీద పెద్ద బంతి దూరం నుంచే కనిపిస్తుంది. కొన్ని రోజులు మూసి ఉంటుంది, వేళలు చూసుకుని వెళ్లండి. పాట్ సమిట్ 22 ఏళ్లకు ఇక్కడి టెన్నెసీ యూనివర్సిటీ మహిళల టీముకు కోచ్ అయి, మొదట్లో టీము వ్యాను తానే నడిపి, పిల్లల యూనిఫారాలు తానే ఉతికేది. 38 సీజన్లు, 1,098 విజయాలు, ఎనిమిది టైటిళ్లు. 59 ఏళ్లకు అల్జీమర్స్ అని తెలిసింది. ఆ తర్వాత కూడా ఒక సీజన్ పూర్తిచేసింది. 64 ఏళ్లకే పోయింది. అరేనా ఎదురుగా ఉన్న ఆమె విగ్రహం దగ్గర ఎవరో తాజా పూలు పెట్టి వెళ్లారు.

ఏప్రిల్ మొదటి వారం అంతా టీవీ ముందే. శనివారం జాతీయ టోర్నమెంటు సెమీస్‌లో డ్యూక్ 14 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని హ్యూస్టన్ చేతిలో 70-67తో ఓడింది. మా వీధి అంతా నిశ్శబ్దమైపోయింది. హ్యూస్టన్ కోచ్ కెల్విన్ శాంప్సన్‌కు 69. ఆదివారం మహిళల ఫైనల్లో కనెక్టికట్ గెలిచింది. 1985 నుంచి అక్కడే ఉన్న జీనో ఆరియెమాకు అది 12వ టైటిల్, వయసు 71. సోమవారం శాంప్సన్ గెలిస్తే పురుషుల కప్పు గెలిచిన కోచ్‌లలో అందరికన్నా పెద్దవాడయ్యేవాడు. ఫ్లోరిడా 65-63తో గెలిచింది. ఆఖరి క్షణాల్లో హ్యూస్టన్ కుర్రాడు షాట్ కొట్టలేక బంతిని నేలమీద వదిలేశాడు, ఫ్లోరిడా ఆటగాడు దాని మీదికి దూకాడు, టైం అయిపోయింది. శాంప్సన్ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిన దృశ్యం నాకు ఇంకా కనిపిస్తోంది.

నిద్ర పట్టలేదు. ఇక్కడ అర్ధరాత్రి దాటితే మన దగ్గర ఉదయం. నా చివరి టీములో ఆడిన అమ్మాయి ఒకామె ఇప్పుడు పీఈటీగా చేస్తోంది, ఆమెకు ఫోన్ చేశాను. "మాస్టారూ, ఈ టైంలో నిద్రపోలేదా?" అంది. ఏ స్కూల్లో వేశారు, రింగులకు నెట్లు ఉన్నాయా అని అడిగాను. ఒకదానికి ఉందట, రెండోదానికి ఈ వారంలో కట్టిస్తానంది.