పాత గోల్ఫ్‌కు పొట్టి సస్పెన్షన్: బిల్‌స్టైన్ బీ12 ప్రో-కిట్

కారు ఎత్తు తగ్గించే సస్పెన్షన్ కిట్‌లను చాలామంది ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందన్న లెక్కతోనే ఎంచుకుంటారు. ఆ లెక్కతో చూసేవారిని బిల్‌స్టైన్ సంస్థ బీ12 ప్రో-కిట్ నిరాశపరుస్తుంది. 1997లో వచ్చిన నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌ను అది దించేది దాదాపు 30 మిల్లీమీటర్లు మాత్రమే. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ తగ్గిన సంగతి యజమానికి తెలుస్తుంది గానీ, తను చెబితే తప్ప పక్కవారు గుర్తుపట్టరు. ఇందులో పెట్టిన డబ్బుకు దక్కే విలువ దాదాపు అంతా స్ప్రింగ్‌ల ఊపును ఆపే షాక్ అబ్సార్బర్లలోనే (షాక్‌లలోనే) ఉందని, వాటి పనితనం ముందు ఎత్తు తగ్గడం చిన్న విషయమని నా అభిప్రాయం.

కిట్‌లో ఐబాక్ సంస్థ ప్రో-కిట్ స్ప్రింగ్‌లు నాలుగు, బిల్‌స్టైన్ బీ8 షాక్‌లు నాలుగు ఉంటాయి. మామూలు ఎత్తులో ఉన్న కార్ల కోసం చేసే బీ6 షాక్‌ను పొట్టి స్ప్రింగ్‌లకు అనువుగా కురచ చేస్తే వచ్చేదే బీ8. ఈ కురచదనం ఎందుకో తెలియకపోవడం వల్లే చాలామంది స్ప్రింగ్‌లు మాత్రం కొని పాత షాక్‌ల మీద బిగిస్తుంటారు. అలా చేసినప్పుడు షాక్ లోపలి పిస్టన్ ఎప్పుడూ ఉండవలసిన చోటుకన్నా కిందనే ఉండి, గుంత తగిలినప్పుడు లోపలికి వెళ్లేందుకు మిగిలిన దూరం తగ్గిపోతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులై తన కప్పులోంచి కదిలే ప్రమాదం కూడా ఉంటుంది. పైగా మెత్తటి స్ప్రింగ్ కోసం తయారై, ఏళ్ల తరబడి అరిగిన షాక్‌కు గట్టి స్ప్రింగ్ ఊపును ఆపే శక్తి ఉండదు. అందుచేత కారు గట్టిగానూ ఉంటుంది, ఊగుతూనూ ఉంటుంది.

స్ప్రింగ్ గట్టిగా ఎందుకు ఉండాలన్నది సులభంగానే అర్థమవుతుంది. చక్రం పైకి కదిలే దూరం 30 మిల్లీమీటర్లు తగ్గినప్పుడు అదే గుంత దెబ్బను మునుపటికన్నా తక్కువ దూరంలో మింగవలసి వస్తుంది. మామూలు కుటుంబ కార్లు తమ స్ప్రింగ్‌ల మీద సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల మధ్య ఊగేలా తయారవుతాయి. సెకనుకు ఒక్కసారి ఊగే కారు తన బరువుకే స్ప్రింగ్ మీద 25 సెంటీమీటర్లు కుంగినట్టు లెక్క. ఒకటిన్నర సార్లు ఊగేదైతే 11 సెంటీమీటర్లే. ఊగే వేగంలో కనిపించే కొద్దిపాటి తేడా వెనుక గట్టిదనంలో రెండు రెట్లకు మించిన తేడా దాగి ఉంటుంది. ప్రో-కిట్ స్ప్రింగ్ గట్టిదనం అన్ని రెట్లు పెరగదు. పైగా బరువు పెరిగేకొద్దీ క్రమంగా గట్టిపడేలా దాని చుట్లు అమర్చి ఉండడం వల్ల, ఒక్కరే ప్రయాణిస్తున్నప్పుడు భరించలేనంత బిరుసుగా అనిపించదు.

ఇక షాక్‌ల విషయం. బిల్‌స్టైన్ ఒకే గొట్టం ఉండే షాక్‌లకు పేరుపడ్డ సంస్థ. ఈ తరహా షాక్‌లు 1957లో మెర్సిడెస్-బెంజ్ కార్లలోకి వచ్చాయి. వీటిలో నూనెకూ అధిక ఒత్తిడిలో నింపిన నైట్రోజన్‌కూ మధ్య కదిలే పిస్టన్ ఒకటి అడ్డుగా ఉంటుంది. కాబట్టి ఎంత వేడెక్కినా వాయువు నూనెలో కలిసి నురగ పుట్టదు. రెండు గొట్టాల షాక్‌లలో అలాంటి అడ్డు ఉండదు గనుక, ఎడతెగని గతుకుల మీద కొంతదూరం పోయాక అవి పట్టు సడలడం అనుభవమే. బీ12తో అదే గతుకుల దారిలో కారు మొదట ఎలా ఉందో చివరికీ అలాగే ఉంటుంది. వేగంగా పోతూ పల్లంలోకి దిగి లేచినప్పుడు బాడీ ఒక్కసారి పైకి వచ్చి అక్కడే నిలిచిపోతుంది, రెండో ఊపు ఉండదు. నాకు ఈ కిట్‌లో అన్నిటికంటే నచ్చింది అదే. దీనికి చెల్లించవలసిన మూల్యం నెమ్మదిగా నడిపేటప్పుడు తెలుస్తుంది. లోపలి వాయు ఒత్తిడి, సీళ్ల రాపిడి ఎక్కువ కాబట్టి చిన్న చిన్న గరుకుదనాలు సీటుదాకా వస్తాయి. వేగం పెరిగేకొద్దీ ఆ గరుకు తగ్గిపోతుంది. అయితే రోజంతా ట్రాఫిక్‌లోనే నడిపే వారికి ఆ మాట ఓదార్పు కాదు.

మలుపుల్లో మార్పు స్పష్టంగా ఉంది. స్టీరింగ్ తిప్పిన వెంటనే ముక్కు తిరుగుతుంది, బ్రేక్ వేసినప్పుడు ముందుకు వంగడం తగ్గింది, వరుస మలుపుల్లో బాడీ ఒక పక్కనుంచి మరో పక్కకు ఒరగడానికి తీసుకునే వ్యవధి తగ్గింది. ఇంకొంచెం దించితే ఇంకా బాగుంటుందన్న ఊహ ఇక్కడే పుడుతుంది, కానీ అది సరికాదు. గోల్ఫ్ ముందు చక్రాలకు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగ్, షాక్ కలిసి చక్రాన్ని పట్టే నిలువు స్తంభం. కారు దిగేకొద్దీ, చక్రాన్ని కింద బాడీకి కలిపే ఆర్మ్ చక్రం వైపున పైకి లేస్తుంది, దానితో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు కారుకన్నా వేగంగా కిందికి జారుతుంది. ఫలితంగా కారు బరువు కేంద్రానికీ ఆ బిందువుకూ మధ్య దూరం పెరిగి, కారు ఒరగాలనే తత్వం ఎక్కువవుతుంది. 30 మిల్లీమీటర్ల దగ్గర స్ప్రింగ్ గట్టిదనం ఈ నష్టాన్ని పూడ్చి ఇంకా మిగులు చూపిస్తుంది. 60 దగ్గర ఆ మిగులు కరిగిపోవడమే కాక, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ల కోణం మారి గతుకుల మీద స్టీరింగ్ దానంతటదే లాగుతుంది. ఈ తరం గోల్ఫ్‌లలోనైతే ఒరుగుదలను తగ్గించే కడ్డీ అయిన యాంటీ రోల్ బార్, ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్‌కు తగిలే సమస్య కూడా అందరికీ తెలిసిందే. ఎత్తు విషయంలో ఈ కిట్ చూపే నిగ్రహాన్ని పిరికితనం అనుకోనక్కరలేదు.

బిగించే పనిలో సగం కిట్‌కు సంబంధించినది కాదు, కారు వయసుకు సంబంధించినది. స్ట్రట్ పై మౌంట్లు, వాటి బేరింగ్‌లు, సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ కాచే బంప్ స్టాప్‌లు, యాంటీ రోల్ బార్ లింకులు, కింది ఆర్మ్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు ఇవన్నీ కొత్తవి వేయకుండా కొత్త షాక్‌లు మాత్రం వేస్తే, పాత రబ్బరు చేసే టకటక చప్పుడుకు కొత్త కిట్ నింద మోయవలసి వస్తుంది. ముందు స్ట్రట్ చక్రపు హబ్ భాగంలో పట్టుకుని ఉండే చోటును కొద్దిగా తెరవడానికి ప్రత్యేక పనిముట్టు కావాలి. అది లేని మెకానిక్ సుత్తి తీసుకుంటే అక్కడే ఆపడం మంచిది. షాక్ పై నట్టును, కడ్డీ తిరగకుండా అలెన్ కీతో పట్టుకుని చేత్తో బిగించాలే తప్ప ఇంపాక్ట్ గన్ వాడకూడదు. కడ్డీ గిర్రున తిరిగితే సీలు దెబ్బతింటుంది. బిగుసుకున్న స్ప్రింగ్ జారితే ప్రాణాపాయం, అందుకని స్ప్రింగ్‌ను నొక్కిపట్టే మంచి కంప్రెసర్ లేకుండా ఈ పనికి పూనుకోకూడదు. అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది మరొకటి ఉంది: రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా చివరిదాకా బిగించకూడదు. అలా బిగిస్తే కారు కిందికి దిగినప్పటి నుంచీ ఆ రబ్బరు మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి.

బిగించిన వెంటనే కారు ఆశించినంత దిగలేదని కంగారు పడనక్కరలేదు. షాక్‌లలోని వాయువు కొంత ఎత్తి పట్టుకుంటుంది, స్ప్రింగ్‌లు కూడా కొన్ని వారాలకు గానీ సర్దుకోవు. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) ఒకసారి వెంటనే, మరోసారి స్ప్రింగ్‌లు సర్దుకున్నాక చేయించాలి. ముందు చక్రాల టో, అంటే పైనుంచి చూస్తే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారకుండా ఉండదు, దాన్ని వదిలేస్తే టైరు లోపలి అంచు బయటికి కనిపించకుండానే అరిగిపోతుంది. వెనక ఇరుసు రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం (టార్షన్ బీమ్) కావడంతో అక్కడ సర్దుబాటుకు వీలులేదు గానీ, ఈ మాత్రం దిగినందుకు అక్కడ పెద్ద తేడా కూడా రాదు. హెడ్‌లైట్ల ఎత్తును తప్పక సరిచూసుకోవాలి. బ్రేక్ వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేని మరింత పాత హ్యాచ్‌బ్యాక్‌లలో ఇలాంటి కిట్ వేసేవారికి ఒక హెచ్చరిక: వెనక ఇరుసు ఎత్తును బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంచే వాల్వ్ ఉన్న కార్లలో, కారు దిగగానే ఆ వాల్వ్ వెనక బరువు ఉందని భ్రమపడి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. దాన్ని కొత్త ఎత్తుకు సరిచేయకుండా తడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి.