సముద్రమా, ఏరా, జలాశయమా? పిల్లలతో ఈ వేసవికి ఏది మేలు?

ఏప్రిల్ చివరి వారం వచ్చిందంటే మా ఇంట్లో ఇదే ప్రశ్న. హైదరాబాద్ నుంచి ఆడపడుచు ఇద్దరు మగపిల్లలతో వస్తుంది. మా పెద్దవాడికి బడి సెలవులు. చిన్నదానికి నాలుగేళ్లు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. "ఈసారి నీళ్ల దగ్గరికి ఎక్కడికి తీసుకెళ్తావు?" అని అందరూ నన్నే అడుగుతారు. మేము ఉండేది విజయనగరంలో కనుక ఒకవైపు పూసపాటిరేగ తీరం, మరోవైపు తాటిపూడి. నా పుట్టిల్లు శ్రీకాకుళం కనుక కళింగపట్నం. కాస్త ఓపిక చేసుకుంటే బారువ. ఇన్నేళ్లలో ఇవన్నీ తిరిగాం. శ్రీకాకుళం జిల్లాకే సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరానికి 28 కిలోమీటర్లే. అయినా మాకు కావలసింది కిలోమీటరు ఇసుక, అంతే.

ఏది అందంగా ఉంటుందని నేను పోల్చను. అన్నీ బాగానే ఉంటాయి. నాలుగేళ్ల పిల్లను నీళ్లలో ఎంతవరకు దించొచ్చు, తొమ్మిది దాటిన ఎండలో అత్తగారు ఎక్కడ కూర్చుంటారు అన్నవే ముందు చూస్తాను. ఈ రెండూ తేలితే మిగతావి సర్దుకుంటాయి.

"పిల్లలతో సముద్రం ఎందుకమ్మా, ఏటికి పోదాం, చీలమండ లోతు నీళ్లు" అని అత్తగారు అనేవారు. నేనూ అలాగే నమ్మేదాన్ని. రెండేళ్ల క్రితం మే నెలలో నాగావళి ఏటికి వెళ్లాం. ఎండాకాలం కదా, ఏరంతా ఇసుక తిన్నెలు, మధ్యలో సన్నగా ఒక పాయ. నీళ్లు కాస్త మట్టి రంగులో ఉన్నాయి గానీ అల లేదు, జోరు లేదు. ఆడపడుచు పెద్దకొడుకుకి అప్పుడు పదేళ్లు. మా కళ్ల ముందే నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో మెడ దాకా దిగిపోయాడు. అరవను కూడా అరవలేదు. వాళ్ల నాన్న పక్కనే ఉన్నారు కనుక చొక్కా పట్టుకుని బయటికి లాగారు. చూస్తే అది ఎవరో ఇసుక తవ్వుకుపోయిన గొయ్యి. పైన నీరు అంతటా ఒకేలా ఉంది. కింద ఒకచోట చీలమండ లోతు, పక్కనే నిలువు లోతు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఎవరు అడిగినా చెబుతున్నాను: నిశ్చలంగా ఉన్న నీళ్లు చిన్నపిల్లలకు మంచివి అనుకోకండి. నీళ్లలో మునిగేవాళ్లు సినిమాల్లోలా చేతులు ఊపుతూ కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరి తీసుకోవడానికే తెరుచుకుంటుంది, పిలవడానికి ఊపిరి చాలదు. గొయ్యి అంచున తడి ఇసుక కాళ్ల కింద జారిపోతూ ఉంటుంది కనుక పిల్లవాడు తనంతట తాను పైకి రాలేడు. ఇంకో సంగతి, లీటరు మంచినీరు కిలో తూగితే లీటరు సముద్రపు నీరు ఇరవై గ్రాములకు పైగా ఎక్కువ తూగుతుంది. అందుకే ఉప్పునీటిలో ఒళ్లు కాస్త తేలికగా తేలుతుంది, ఏటి నీటిలో అంతగా తేలదు. ఈత వచ్చిన పెద్దవాళ్లకు కూడా ఈ తేడా తెలుస్తుంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. పైన గట్టి వాన పడితే ఇక్కడ ఆకాశంలో మబ్బు లేకపోయినా నీరు పెరుగుతుంది. కాబట్టి ఊరివాళ్లు రోజూ స్నానాలు చేసే రేవు అయితే తప్ప, కొత్తచోట ఏటిలో పిల్లలను దించే పని మేము మానేశాం.

అయితే సముద్రం మేలా? చాలావరకు అవునంటాను. సముద్రం తన బలాన్ని దాచుకోదు. అల కనిపిస్తుంది, వినిపిస్తుంది, పిల్లలు కూడా దాన్ని చూసి వెనక్కి పరిగెడతారు. పైగా వాళ్లకు కావలసింది ఈత కాదు, తడి ఇసుక. గూడు కట్టుకోవాలి, గవ్వలు ఏరుకోవాలి, అల వచ్చి పాదాలు తడపాలి. మోకాలి లోతు దాటకుండానే రెండు గంటలు గడిచిపోతాయి.

కానీ సముద్రంలోనూ నిశ్చలంగా కనిపించే చోటే ప్రమాదం. ఇది నాకు చింతపల్లి బీచ్‌లో ఒక మత్స్యకార తాత చెప్పాడు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట అల లేకుండా, నీరు కాస్త ముదురు రంగులో కనిపించింది. పిల్లలను అటు తీసుకెళ్తుంటే తాత తెప్ప దగ్గర నుంచే కేక వేశాడు. "అమ్మా, అల లేదని అక్కడ దించకండి, అక్కడే లోపలికి లాగేస్తాది!" ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. ఒకవేళ ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు నుంచి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తాలి. ఒడ్డున ఉన్నవాళ్లు తామూ దూకకుండా తాడో, ఖాళీ క్యానో విసరాలి, 112కి ఫోన్ చేయాలి.

విజయనగరం వాళ్లకు దగ్గరగా ఉండేది ఈ చింతపల్లే, పూసపాటిరేగ మండలంలో. మ్యాప్‌లో కొట్టేటప్పుడు పూసపాటిరేగ అని కూడా కలపండి, లేకపోతే లంబసింగి వైపు ఉన్న మన్యం చింతపల్లి కూడా వస్తుంది. సముద్రంలోని రాళ్ల నుంచి ఓడలను కాపాడటానికి కట్టిన లైట్‌హౌస్ ఇక్కడ ఉంది. జనం తక్కువ, అది నాకు ఇష్టం. కానీ నీడ తక్కువ. ఆడవాళ్ల అవసరాలకు హైవే మీద పెట్రోలు బంకులోనే ఆగి రావడం మేలు. కారులో అందరూ పెద్దవాళ్లే అయితే ఒక సాయంత్రానికి ఇది చాలు. అత్తగారిని తీసుకెళ్లడానికి మాత్రం నాకు మనసు రాదు. అదే తీరంలో కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తుంది. చూడటానికి బాగుంటుంది, దిగడానికి కాదు.

కళింగపట్నం శ్రీకాకుళం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. పాత కాలపు రేవు, లైట్‌హౌస్, తీరం పొడవునా విశాలమైన ఇసుక. పిల్లలు పరిగెత్తడానికి ఇంతకన్నా మంచిచోటు మా రెండు జిల్లాల్లో నేను చూడలేదు. ఆదివారం సాయంత్రాలు జనం ఎక్కువ. అందుకే మేము తెల్లవారుజామునే వెళ్తాం. మే నెలలో ఇక్కడ ఐదున్నర లోపే పొద్దు పొడుస్తుంది. ఐదు గంటలకు ఇసుక మీద ఉంటే ఎనిమిది దాకా మూడు గంటలు ఎండ బాధ లేకుండా దొరుకుతాయి. ఎనిమిదిన్నర దాటితే ఇసుక కాలడం మొదలవుతుంది, చిన్నదాని పాదాలు ఎర్రబడతాయి. వంశధార సముద్రంలో కలిసే మొగ ఇక్కడికి దగ్గరే. ఆ మొగ దగ్గర నీరు పల్చగా, చిన్న చెరువులా కనిపిస్తుంది. అక్కడికి మాత్రం పిల్లలను తీసుకెళ్లకండి. ఏటి నీరు, ఆటుపోట్లు కలిసే చోట ఇసుక దిబ్బలు రోజుకో చోటికి మారతాయి. ఆటు సమయంలో నీరు జోరుగా సముద్రంలోకి లాగేస్తుంది. నిన్న నడిచిన చోట ఇవాళ లోతు ఉండొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు ఓపిక ఉంటే శాలిహుండం ఎక్కొచ్చు, కొండ మీద బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. కానీ మే ఎండలో అత్తగారితో ఆ మెట్లు వద్దు.

అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. ఆ రెండు రోజులూ మేము వెళ్లం. మరో మాట, ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉన్నా ఒక్కోసారి పెద్ద అలలు వస్తాయి. ఎక్కడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో లేచిన గాలుల వల్ల పుట్టి అంత దూరం ప్రయాణించి వస్తాయవి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఈ హెచ్చరికలు ఇస్తుంది. వార్తల్లో "అలల ఉద్ధృతి" అన్న మాట కనిపిస్తే ఆ రోజు ప్రయాణం మానుకోండి, పిల్లలు ఏడ్చినా సరే.

భావనపాడు గురించి అడుగుతారు. నౌపడ ఉప్పు మడుల మీదుగా వెళ్లే దారి నాకు చాలా ఇష్టం, పిల్లలకు ఉప్పు ఎలా పండుతుందో చూపించొచ్చు. కానీ ఆ పక్కనే మూలపేట పోర్టుకు 2023లో శంకుస్థాపన అయ్యింది. కుటుంబంతో ఆడుకోవడానికి వెళ్లే చోటుగా ఇప్పుడు దాన్ని చెప్పలేను.

బారువ సంగతి వేరు. విజయనగరం నుంచి మూడున్నర గంటలు పడుతుంది కనుక ఒక్కరోజు పని కాదు, రాత్రి బస ముందే మాట్లాడుకోవాలి. దారిలో ఉద్దానం కొబ్బరితోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను ఎలా పడగొట్టిందో చూసినవాళ్లకు, ఇప్పుడు లేతచెట్లు లేచి నిలబడటం చూస్తే కళ్లు చెమరుస్తాయి. బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. తీరానికి దగ్గరలో మునిగిన పాత ఓడ శిథిలాన్ని చూడటానికి స్కూబా డైవింగ్ చేసేవాళ్లు వస్తుంటారు. మాకు అంతకన్నా ముఖ్యం తాబేళ్లు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి రాత్రిపూట గుడ్లు పెడతాయి. ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి. అరచేతిలో పట్టేంత పిల్ల ఇసుక మీద పాకుతూ అల దాకా వెళ్లడం చూసి మా పెద్దవాడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అవి వెలుతురును చూసి దారి పట్టుకుంటాయి కనుక ఫోన్ లైటు, టార్చి వేయకూడదని వాడికి ముందే చెప్పాం. వాడు మిగతావాళ్లకు చెప్పుకుంటూ తిరిగాడు. ఇది చూడాలంటే మార్చి, ఏప్రిల్ మంచివి. మే నెలలో వెళ్తే దొరకకపోవచ్చు. తిరుగు ప్రయాణంలో మందస కోవా కొనకుండా రాకండి.

ఇక తాటిపూడి. గంట్యాడ మండలంలో గోస్తనీ మీద కట్టిన జలాశయం, చుట్టూ తూర్పు కనుమలు. బొర్రా గుహల దగ్గర కనిపించే గోస్తనీయే ఇక్కడికి వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ మాట చెబితే పిల్లలు నీటిని వేరేగా చూస్తారు. విశాఖ నగరానికి తాగునీరు వెళ్లేది ఇక్కడి నుంచి కూడా. కాబట్టి దీంట్లో స్నానాలు వద్దు, సబ్బులు వద్దు, ప్లాస్టిక్ వదలొద్దు. దిగకపోవడానికి ఇంకో కారణం, వేసవిలో నీరు తగ్గి అంచున బురద బయటపడుతుంది. పైకి ఎండి పగిలినట్టు ఉన్నా అడుగు వేస్తే మోకాలు దాకా కూరుకుపోతుంది. బోటు తిరుగుతుంటే లైఫ్ జాకెట్ పిల్లల సైజుది ఉంటేనే ఎక్కించండి. పెద్దవాళ్లది పిల్లలకు వేస్తే నీళ్లలో పైకి జారి మెడ దగ్గరికి వచ్చేస్తుంది.

దిగలేని నీళ్ల దగ్గరికి ఎందుకు అంటే, అత్తగారి కోసం. చెట్టు నీడన మడతకుర్చీ వేసి కూర్చోబెడితే కొండ గాలికి సాయంత్రం దాకా హాయిగా ఉంటారు. ఉప్పు లేదు, జిడ్డు లేదు, ఇంటికి గంట లోపు ప్రయాణం. మధ్యాహ్నం మూడు తర్వాత కొండల వైపు నల్లటి మబ్బు కనిపిస్తే మాత్రం వెంటనే కారు ఎక్కండి. వేసవి ఈదురుగాలి, పిడుగులు ఇక్కడ హఠాత్తుగా వస్తాయి, ఆ సమయంలో చెట్టు కింద అస్సలు ఉండకూడదు. నాగావళి మీద తోటపల్లి కూడా ఇలాంటిదే, 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. వంగర వైపు వాళ్లకు మడ్డువలస దగ్గర.

తిండి విషయంలో ఒక మాట. బీచ్‌కి వెళ్తే తాజా చేపలు తినొచ్చు అనుకుని ఖాళీ చేతులతో వెళ్లకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మేము పులిహోర, పెరుగన్నం, చోడి అంబలి తీసుకెళ్తాం, దారిలో ముంజలు కొంటాం. సముద్రానికైతే ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్ తప్పనిసరి. ఉప్పునీరు, ఇసుక ఒంటి మీద ఆరిపోతే చిన్నదానికి తొడల దగ్గర ఒరుసుకుని మంట పుడుతుంది, దారంతా ఏడుస్తుంది.

ఈసారి ఆడపడుచు పన్నెండు రోజులు ఉంటుంది. అందుకని ఒకే చోటు కోసం వాదించుకోకుండా రెండుగా విడగొట్టాను. అందరం కలిసి తాటిపూడికి, నీళ్లలో దిగకుండా, అత్తగారి తీరుబడిని బట్టి. పిల్లలతో మాత్రం కళింగపట్నానికి, పున్నమి వెళ్లిన నాలుగో రోజు, తెల్లవారుజామున. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండదు. పెద్దవాళ్లు ఎప్పుడూ సముద్రం వైపు నిలబడాలి, పిల్లలు ఒడ్డు వైపు. బారువ చిన్నదానికి ఏడేళ్లు నిండాక.

శ్రీకాకుళంలో అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ముందు రోజు రాత్రికే వస్తాం, నాలుగింటికి లేపమని. "ఎనిమిదిన్నరకల్లా ఇంటికి తీసుకొచ్చేయండి, తలస్నానాలు చేయించి అరసవల్లి తీసుకెళ్దాం" అంది. పెరుగన్నం తనే కడుతుందట.