నాలుగేళ్ల వాడకం తర్వాత నా సైకిల్ కంప్యూటర్: 2.5 వోల్టుల చిక్కు

ఈ చిన్న వైర్‌లెస్ సైకిల్ కంప్యూటర్‌ను నేను నాలుగేళ్లుగా, సుమారు 19,000 కిలోమీటర్ల మేర వాడుతున్నాను. వేగం, దూరం, సమయం చూపించడంలో దీని మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. వానలో తడిసినా, గంటల తరబడి ఎండలో మాడినా తెర మసకబారలేదు. అందువల్ల ఆ విషయాలను ఇంతటితో వదిలేసి, నన్ను దాదాపు ఏడాది పాటు విసిగించిన ఒక్క సంగతిని, అంటే ఇది బ్యాటరీ వోల్టేజీని తక్కువగా చూపించడాన్ని గురించి మాత్రమే రాస్తున్నాను.

హ్యాండిల్‌బార్ మీది యంత్రంలో ఒకటి, ముందు ఫోర్కుకు బిగించే సెన్సార్‌లో ఒకటి, మొత్తం రెండు సీఆర్2032 బటన్ సెల్స్ (నాణెంలా ఉండే 3 వోల్టుల బ్యాటరీలు) దీనికి కావాలి. సెట్టింగులలో కాస్త లోపలికి వెళితే ఆ రెండింటి వోల్టేజీనీ అంకెల్లో చూపించే పేజీ ఒకటి ఉంది. బ్యాటరీ బొమ్మ చూపించి ఊరుకునే యంత్రాలే ఎక్కువ కనుక, కొన్న కొత్తలో నాకు బాగా నచ్చిన సదుపాయం ఇదే. తర్వాత తలనొప్పి తెచ్చిపెట్టినదీ ఇదే. మొదటి రెండేళ్లలో ఈ అంకె చాలాకాలం 2.9 దగ్గర నిలకడగా ఉండి, సెల్ నిజంగా అయిపోతున్నప్పుడు మాత్రమే దిగేది. మూడో ఏడాది మొదట్లో యంత్రం 2.5 చూపించి, తక్కువ బ్యాటరీ గుర్తు వెలిగించింది. సెల్ మార్చగానే 2.9 వచ్చింది కానీ, మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ 2.5కి దిగింది. అలా నాలుగు సెల్స్ మార్చాక గాని, తప్పు సెల్స్‌ది కాకపోవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు.

అదృష్టవశాత్తూ తీసేసిన సెల్స్‌ను ఒక డబ్బాలో దాచి ఉంచాను. వాటిని మల్టీమీటర్‌తో కొలిస్తే నాలుగూ 3 వోల్టులకు పైనే చూపించాయి. ఇక్కడ తొందరపడి నాలుగూ మంచివేనని తేల్చుకుంటే మళ్లీ పొరపాటే అవుతుంది. లిథియం బటన్ సెల్ కొత్తగా ఉన్నప్పుడు 3.2 వోల్టుల దాకా చూపించి, వాడకం మొదలైన కొద్దికాలానికే 3 వోల్టుల చుట్టుపక్కల స్థిరపడి, తన ఆయుష్షులో చాలా భాగం అక్కడే గడిపి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. కాబట్టి ఏ పనీ చెప్పకుండా కొలిచిన వోల్టేజీని బట్టి అందులో ఎంత మిగిలిందో చెప్పలేము. దానికి కొంచెం బరువు పెట్టి, అంటే దాని నుంచి కరెంటు లాగుతూ చూడాలి. నేను 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను సెల్ రెండు వైపులా ఒక్క సెకను ఆనించి, అదే సమయంలో వోల్టేజీ చూశాను. మూడు సెల్స్ 3.08 నుంచి 2.7కు అటూ ఇటూగా తగ్గి ఆగాయి. నాలుగోది 3.05 నుంచి 2.44కు పడిపోయింది. లెక్క వేస్తే దాని లోపలి నిరోధం (సెల్ అరిగేకొద్దీ ఇది పెరుగుతుంది) దాదాపు 25 ఓమ్‌లు, మిగతా వాటిది 14 ఓమ్‌ల దగ్గర. అంటే నాలుగింటిలో మూడింటిని నేను అన్యాయంగా బయట పడేశానన్నమాట. (మల్టీమీటర్‌ను నమ్మే ముందు దాని సొంత బ్యాటరీని కూడా చూసుకోవాలి. అది బలహీనపడితే చాలా చవక మీటర్లు ఉన్న వోల్టేజీ కన్నా ఎక్కువ చూపిస్తాయి.)

అసలు కారణం ఒక సాయంత్రం యాదృచ్ఛికంగా దొరికింది. వోల్టేజీ పేజీ తెరిచి, తెర వెనక లైటు వెలిగించి, యంత్రాన్ని చేతిలో పట్టుకుని చూస్తున్నాను. అంకె 2.5 దగ్గర ఉంది. యంత్రాన్ని తిప్పబోతూ వెనక మూతను బొటనవేలితో గట్టిగా నొక్కాను. రెండు మూడు సెకన్లకు అంకె 2.8 అయింది. వేలు తీస్తే మళ్లీ 2.5. నాలుగైదు సార్లు నొక్కి చూసినా అదే వరస. సెల్ ఒకటే, లైటు ఒకటే. మారింది నొక్కుడు మాత్రమే.

మూత విప్పి భూతద్దంతో చూస్తే సంగతి తెలిసింది. సెల్ రుణ ధ్రువం అడుగున ఒక సన్నని స్ప్రింగు రేకు మీద ఆనుతుంది. ధన ధ్రువమైన అంచును పక్కనున్న ఇంకో రేకు ఒరుసుకుంటుంది. అడుగు రేకు ఏళ్ల తరబడి అణిగి అణిగి దాదాపు చదునైపోయింది. దాని కొన మీద చెమట ఉప్పు వల్ల పుట్టిన చిలుము, ఆకుపచ్చ కలిసిన తెల్లని పొరలా పేరుకుంది. యంత్రం ఊరికే ఉన్నప్పుడు తీసుకునే కరెంటు బహు స్వల్పం కనుక ఈ పొర ఏమీ అడ్డు రాదు. లైటు వెలిగినప్పుడో, సెన్సార్ సంకేతం అందుకునేటప్పుడో కొన్ని మిల్లీఆంపియర్లు ఒక్కసారిగా కావాల్సి వస్తుంది. అప్పుడు ఆ పొర దగ్గరే పావు వోల్టో, ఇంకాస్త ఎక్కువో ఆవిరైపోతుంది. యంత్రం తనకు అందిన వోల్టేజీని నిజాయితీగానే చూపిస్తోంది. అది సెల్ వోల్టేజీ అనుకోవడమే నా పొరపాటు. కొత్త సెల్ వేయగానే అంకె బాగుపడటానికీ కారణం ఇదే: విప్పి బిగించడంలో రేకు కాస్త గీసుకుని, కొద్దిరోజులకు సరిపడా శుభ్రపడేది.

మరమ్మతుకు పట్టింది పావుగంట. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రెండు రేకులనూ తుడిచాను. పోని చోట పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ రజను ఊదేశాను. ఇసుక కాగితం జోలికి పోకూడదు, పైనున్న పూత లేచిపోతే చిలుము ఇంకా వేగంగా పడుతుంది. ఆ తర్వాత చెక్క పుల్లతో అడుగు రేకు కొనను మిల్లీమీటరు మేర పైకి ఎత్తాను. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగుకు సిలికోన్ గ్రీజు సన్నగా పూశాను. నేను పారేయబోయిన మూడు సెల్స్‌లో ఒకదాన్నే తిరిగి వేసి లైటు వెలిగిస్తే 2.8 కనబడింది.

సెన్సార్ కథ వేరు. దాని రేకులు శుభ్రంగానే ఉన్నా, ఒక కొత్త సెల్ వేసినప్పుడు మాత్రం వోల్టేజీ ఊగిసలాడింది. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని సెల్స్ మీద చేదు పూత వేస్తారు; రేకు కొన సరిగ్గా ఆ పూత మీద ఆనితే కరెంటు సరిగా పారదు. పూతలేని సెల్ వేశాను, సరిపోయింది. అయితే ఆ పూత అనవసరమని అనను. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది కనుక, పూత లేనివాటిని తాళం వేసిన చోటే ఉంచుతున్నాను. ఇంకో అలవాటు కూడా మార్చుకున్నాను: సైకిల్ నిలిపేటప్పుడు స్పోక్ మీది అయస్కాంతం సెన్సార్‌కు ఎదురుగా ఆగకుండా చక్రాన్ని కొంచెం తిప్పి వదులుతాను. లోపలి రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికి వస్తే మూసుకునే స్విచ్) మూసుకునే ఉండిపోతే, రాత్రంతా కరెంటు కారుతూ ఉంటుంది.

చలి ఉదయాలలో అంకె ఒకటి రెండు పాయింట్లు తగ్గడం మాత్రం రోగం కాదు. చలికి సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది, ఎండెక్కాక కోలుకుంటుంది. దీనికి భయపడి రీచార్జి అయ్యే ఎల్‌ఐఆర్2032 వేద్దామనుకునేవారు మానుకోవడం మంచిది. కొలతలు ఒకటే అయినా, పూర్తిగా ఛార్జి అయినప్పుడు అది 4.2 వోల్టులు ఇస్తుంది. 3 వోల్టుల కోసం చేసిన యంత్రానికి అది ప్రమాదం.

ఇక తయారీదారుతో నా పేచీ రెండు విషయాల్లో. ఒకటి, మాన్యువల్‌లో తక్కువ బ్యాటరీ గుర్తుకు ‘సెల్ మార్చండి’ అన్న ఒక్క మాటే తప్ప రేకుల ప్రస్తావనే లేదు. సహాయ కేంద్రానికి రాసినా అదే మాట తిరిగి వచ్చింది. రెండు, సెల్ తీసిన ప్రతిసారీ మొత్తం దూరం, చక్రం చుట్టుకొలత రెండూ చెరిగిపోతాయి. నా 700×25 టైరుకు 2105 మిల్లీమీటర్లని కాగితం మీద రాసి మూత లోపల అంటించుకోవలసి వచ్చింది. రేకుల్లో ఒకటి ఇంకొంచెం దళసరిగా ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. ఇన్ని చెప్పినా, మళ్లీ కొనాలంటే వోల్టేజీని అంకెల్లో చూపించే యంత్రాన్నే కొంటాను. బొమ్మ మాత్రమే చూపించే దానితో ఈ లోపం నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

ఆ రోజు తిరిగి వేసిన పాత సెల్ ఇప్పటికి పదకొండు నెలలుగా పనిచేస్తోంది. నిన్న లైటు వెలిగించి చూస్తే 2.7 ఉంది, మూత నొక్కినా 2.7గానే ఉంది.