కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ ఆన్‌లైన్ కోర్సులు: కొన్నేళ్లు చదివాక నా సమీక్ష

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకి వచ్చి, పిల్లల్ని స్కూల్లో దింపాక ఏదైనా చదువుకుందామనుకునే మనవాళ్లు నన్ను తరచూ అడుగుతారు, కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీ) ఆన్‌లైన్ క్లాసులు పనికొస్తాయా అని. బీకామ్ చేసి వచ్చిన నేను అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, పైథాన్, ఇంగ్లిష్ కాంపోజిషన్ అన్నీ ఇంట్లోంచే చదివాను. నిస్సందేహంగా పనికొస్తాయి. అయితే కోర్సు పేరు కంటే, చెప్పేవాళ్లకి మన కోసం ఎంత టైమ్ ఉంటుందన్నదే ముఖ్యం.

ముందు ఫీజు సంగతి. ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నట్టు కాగితాలు చూపించి రెసిడెంట్ అనిపించుకుంటే యూనిట్‌కి (కోర్సు బరువుని కొలిచే క్రెడిట్) 46 డాలర్లు. 2012 నుంచి ఇదే రేటు. నాలుగు యూనిట్ల కోర్సు 184 డాలర్లకి వస్తుంది, పైన హెల్త్ ఫీజులాంటివి కొన్ని. రెసిడెంట్ కాకపోతే యూనిట్‌కి ఇంకా కొన్ని వందలు కట్టాలి.

నేను చదివినవాటిలో స్టాటిస్టిక్స్ క్లాసు ఆణిముత్యం. ప్రొఫెసర్ తన వీడియోలు తనే చేసుకునేవారు. నా హోంవర్క్‌లో లెక్క ఏ మెట్టు దగ్గర దారి తప్పిందో రాసి పంపేవారు. డిస్కషన్ బోర్డులో రెండు రోజులు కనిపించకపోతే ఎలా ఉన్నారని మెసేజ్ పెట్టేవారు. ఎదురుగా కూర్చుని చదువుకున్న ఏ క్లాసులోనూ నన్ను ఇంతగా పట్టించుకోలేదు.

అకౌంటింగ్ క్లాసు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పుస్తకం అచ్చువేసిన కంపెనీ స్లైడ్లు, కంప్యూటరే మార్కులు వేసే హోంవర్కు, అందులోకి లాగిన్ అవ్వడానికి కొనుక్కోవాల్సిన కోడ్. అడ్జస్టింగ్ ఎంట్రీల మీద నేనడిగిన సందేహానికి జవాబు పరీక్ష అయిపోయాక వచ్చింది. ఆ సెమిస్టరంతా టెన్షనే.

అయినా ఆ ప్రొఫెసర్‌ని తప్పుపట్టను. ఆయన పార్ట్‌టైమ్, ఇంకో రెండు కాలేజీల్లో కూడా చెబుతున్నారు. ఒక కాలేజీ డిస్ట్రిక్ట్‌లో (ఒకే బోర్డు నడిపే కాలేజీ లేదా కాలేజీలు) పార్ట్‌టైమర్‌కి ఫుల్‌టైమ్ పనిలో 67 శాతానికి మించి ఇవ్వకూడదని రాష్ట్ర చట్టం. జీతం ఎక్కువగా క్లాసు గంటల లెక్కనే. ఆన్‌లైన్‌లో అసలు శ్రమంతా క్లాసు గంటల బయటే ఉంటుంది: ఈమెయిళ్లు, దిద్దుబాట్లు, వీడియోలు. ఆ శ్రమకి డబ్బివ్వకుండా నాణ్యత కావాలంటే ఎలా వస్తుంది?

కాలేజీకి డబ్బొచ్చే తీరు కూడా చూడాలి. మనం కట్టే ఫీజు ఏ మూలకీ చాలదు. ఖర్చులో సింహభాగం రాష్ట్ర బడ్జెట్, స్థానిక ఆస్తి పన్నులే భరిస్తాయి. 2018లో వచ్చిన ఫార్ములా ప్రకారం దాదాపు 70 శాతం ఎన్‌రోల్‌మెంట్‌ని బట్టి, 20 శాతం తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థుల సంఖ్యని బట్టి, 10 శాతం ఫలితాల్ని బట్టి. సెమిస్టర్‌లో ఐదో వంతు గడిచేసరికి వచ్చే సెన్సస్ తేదీన (విద్యార్థుల్ని లెక్కపెట్టే రోజు) ఎంతమంది ఉన్నారన్నదే చాలా క్లాసులకి లెక్క. ఆ తర్వాత సగం మంది మానేసినా ఆ 70 శాతం వాటాకి పెద్ద దెబ్బేమీ తగలదు. చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిపించే టీచర్ పనికి ఇందులో దక్కే విలువ చాలా తక్కువ. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకో బెడద దొంగ విద్యార్థులు. ఆర్థిక సాయం కాజేయడానికి ముఠాలు లేని మనుషుల పేర్లతో ఆన్‌లైన్ సీట్లు నింపేస్తుంటే నిజంగా చదువుకునేవాళ్లు వెయిట్‌లిస్టులో ఉండిపోతున్నారు. అందుకే మొదటి వారం పరిచయం పోస్టు చిన్న పనే కదా అని వదిలెయ్యకండి. పెట్టకపోతే చాలామంది ప్రొఫెసర్లు పేరు తీసేస్తారు.

చేరేముందు కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్ సైట్‌లో వెతకండి. రాష్ట్రంలోని చాలా కాలేజీల ఆన్‌లైన్ క్లాసులు ఒకేచోట దొరుకుతాయి. తోటి అధ్యాపకులు పరిశీలించి సరిదిద్దిన కోర్సులకి ‘క్వాలిటీ రివ్యూడ్’ అని గుర్తు ఉంటుంది. పుస్తకం కొనక్కర్లేని క్లాసులకీ వేరే గుర్తు ఉంటుంది. 2021 రాష్ట్ర బడ్జెట్‌లో ఇలా పుస్తకాల ఖర్చు లేకుండా పూర్తయ్యే డిగ్రీల కోసమే 11.5 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ డబ్బు సద్వినియోగమైందనే నేనంటాను, పుస్తకాల ఖర్చు లేకపోవడం వల్లే పైథాన్ కోర్సులో చేరగలిగాను. ఆ రెండు గుర్తులూ చూశాక ప్రొఫెసర్‌కి ఒక ఈమెయిల్ రాసి పాత సిలబస్ (క్లాసు ఎలా నడుస్తుందో, నియమాలేమిటో చెప్పే కాగితం) అడగండి. ఎన్ని రోజుల్లో జవాబిస్తామో, ఆఫీస్ అవర్స్ (విద్యార్థుల సందేహాలకి కేటాయించే సమయం) ఎప్పుడో అందులో రాసి ఉంటే ధైర్యంగా చేరిపోండి.