లా పాజ్‌లో ‘కోకా నడక’: ఆకు గురించి అంతా చెప్పారు, 1980 తప్ప

మా నాన్నది తుని దగ్గర తమలపాకు తోట. అందుకే బొలీవియా ప్రయాణం అనుకున్నప్పుడు మా ఆయన ఉయూని ఉప్పు మైదానం చూద్దామంటే, నేను అక్కడివాళ్లు మన తమలపాకులా బుగ్గన పెట్టుకునే కోకా ఆకు చూద్దామన్నాను. కొకైన్ తీసేదీ ఈ ఆకు నుంచే. రెండేళ్లుగా సావ్ పావ్లోలో ఉంటున్నాం. 2025 సెప్టెంబర్‌లో ఆరు రోజులు సెలవు దొరికింది. లా పాజ్‌లో దిగిన రెండో రోజు, మా హోటల్ రిసెప్షన్‌లో అడిగి నాలుగు గంటల గైడెడ్ టూర్ ఒకటి బుక్ చేసుకున్నాం. కోకా, రాజకీయాలు, అమెరికాతో గొడవలు, అన్నీ నడుస్తూ చెప్తారట. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఇదే దారిలో ఇలాంటి టూర్లు ఇంకొందరు కూడా నడుపుతారు. మీరు ఎవరితో వెళ్లినా ఏం అడగాలో తెలియాలనే ఇది రాస్తున్నాను.

రేటింగ్ ముందే చెప్పేస్తాను: 5కి 4.

ఉదయం తొమ్మిదింటికి సాన్ పెద్రో కూడలిలో కలిశాం. మాతో కలిపి తొమ్మిది మంది. లా పాజ్ 3,600 మీటర్ల ఎత్తులో ఉంది, విమానం దిగే ఎల్ ఆల్తో అయితే 4,000 దాటుతుంది. ముందు రోజంతా నాకు తలపోటు, మెట్లెక్కితే ఆయాసం. హోటల్లో ఇచ్చిన కోకా టీ రెండు కప్పులు తాగాక కాస్త కుదుటపడ్డాను. గైడ్ నా ముఖం చూడగానే పరిస్థితి అర్థం చేసుకుని, నాలుగు గంటలూ నా నడకకు తగ్గట్టే నడిచాడు. అరవై దాటిన మనిషి. ఇంగ్లీషు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడతాడు.

ఆ కూడలిలోనే సాన్ పెద్రో జైలు ఉంది. లోపల ఖైదీలే గదులు కొనుక్కుని, అమ్ముకుని బతికే జైలు అది. ఒకప్పుడు విదేశీయులను దొంగచాటుగా లోపలికి తీసుకెళ్లి చూపించేవాళ్లు. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు అదే అడిగితే గైడ్ కుదరదని గట్టిగా చెప్పాడు. లోపల తండ్రులతో పాటు పిల్లలు కూడా పెరిగిన చోటు, అది చూసే వస్తువు కాదన్నాడు. అక్కడే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అసలు కథ ఆయన తన ఇంటి నుంచే మొదలుపెట్టాడు. తండ్రి తగరం గనిలో కార్మికుడు. 1985 ఆగస్టులో ప్రభుత్వం తన సంస్థలను కుదించే 21060 నంబరు డిక్రీ తెచ్చింది, అక్టోబర్‌లో ప్రపంచ మార్కెట్లో తగరం ధర కుప్పకూలింది. ప్రభుత్వ గనుల్లో 20 వేల మందికి పైగా పని పోయింది. చేతికి వచ్చిన కొద్దిపాటి డబ్బుతో వాళ్లలో చాలామంది కొండలు దిగి, కోచబాంబా అవతల చాపారే అనే వేడి అడవి ప్రాంతానికి వెళ్లారు. అరటి, అనాస వేస్తే లారీ వచ్చేలోపు కుళ్లిపోయేవి. కోకా అలా కాదు. ఏడాదికి మూడు నాలుగు కోతలు, ఎండబెడితే తేలిక, సంచి వీపున వేసుకుని మోసుకుపోవచ్చు. వర్షాకాలంలో రోడ్డు తెగిపోయినా సరుకు పాడవదు. వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

అలా ఎత్తు ప్రాంతం నుంచి దిగివచ్చిన కుటుంబాల్లో, తర్వాత దేశాధ్యక్షుడైన ఎవో మొరాలెస్‌ది కూడా ఒకటి. గనులు మూతపడక ముందే, 80ల మొదట్లోనే వాళ్లు వచ్చారు. కోకా రైతుల సంఘంలో ఎదిగి నాయకుడయ్యాడు. 1988లో 1008 నంబరు చట్టం వచ్చింది. సంప్రదాయంగా పండించే యుంగాస్ ప్రాంతంలో 12,000 హెక్టార్లు మాత్రమే చట్టబద్ధం, చాపారేలో పంట పీకేయాలి. 90ల చివర్లో మాజీ నియంత బాన్సెర్ ఎన్నికల్లో గెలిచి మళ్లీ అధ్యక్షుడయ్యాక, అమెరికా డబ్బుతో సైన్యం దిగి మొక్కలు పీకింది. రైతులు రోడ్లు దిగ్బంధించారు. రెండు వైపులా మనుషులు చనిపోయారు.

2002 ఎన్నికల ముందు అమెరికా రాయబారి మాన్యుయెల్ రోచా బహిరంగంగా హెచ్చరించాడు: మొరాలెస్‌కు ఓటేస్తే అమెరికా సాయం ఆగిపోవచ్చు అని. జనానికి రోషం వచ్చింది. ఎక్కడో వెనుక ఉన్న మొరాలెస్ రెండో స్థానానికి దూసుకొచ్చాడు. 2005లో 54 శాతం దాకా ఓట్లతో గెలిచేశాడు. ఆ రాయబారి రోచానే 2023 డిసెంబర్‌లో అమెరికాలో అరెస్టయ్యాడు. దశాబ్దాలుగా క్యూబాకు రహస్య ఏజెంటుగా పనిచేశాడని తేలి, 2024 ఏప్రిల్‌లో 15 ఏళ్ల శిక్ష పడింది. గైడ్ ఇది చెప్పినప్పుడు మా బ్యాచ్‌లో చాలామంది ఆగిపోయారు. నేనూ రాత్రి హోటల్‌కు వెళ్లి వార్తలు వెతికి చదివాను, నిజమే.

ప్లాజా మురియోలో ఎక్కువసేపు ఆగాం. పార్లమెంటు భవనం మీద గడియారం ఎడమవైపుకు తిరుగుతుంది. 2014లో అలా మార్చారు. దక్షిణార్ధగోళంలో నీడ గడియారం అటే తిరుగుతుంది కాబట్టి మన గడియారమూ అటే తిరగాలి అన్నారట. 1946లో అధ్యక్షుడు వియరోయెల్‌ను జనం చంపి వేలాడదీసిన దీపస్తంభం అక్కడే. 2024 జూన్ 26న జనరల్ సునీగా తిరుగుబాటుకు సైన్యంతో వచ్చి, సాయుధ వాహనంతో గుద్దించిన ప్యాలెస్ తలుపూ అక్కడే. మేం వెళ్లేసరికి చుట్టూ గోడలంతా అధ్యక్ష అభ్యర్థులు రోడ్రిగో పాజ్, తూతో కిరోగా పోస్టర్లు. ఆ దేశ చరిత్రలో మొదటిసారి రెండో రౌండ్ ఎన్నిక జరగబోతోంది. పోటీకి అనుమతి దొరకని మొరాలెస్ చెల్లని ఓట్లు వేయమని పిలుపునిస్తే, మొదటి రౌండ్‌లో 19 శాతానికి పైగా అవే పడ్డాయి. అరెస్టు వారెంట్ ఉన్నా ఆయన అప్పుడు చాపారేలో రైతుల కాపలా మధ్యే ఉన్నాడు. పెట్రోలు బంకుల దగ్గర లారీల క్యూలు చూస్తే జనం ఎందుకు విసిగిపోయారో అర్థమైంది.

లినారెస్ వీధిలో మూలికల దుకాణాలు, లామా అనే ఒంటె జాతి జంతువు ఎండిన గర్భస్థ పిల్లలు చూపించారు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. నాకంత ఆసక్తి లేదు. నేను ఎదురుచూసింది విల్లా ఫాతిమా మార్కెట్ కోసం.

మినీబస్సులో వెళ్లాం. యుంగాస్ రైతుల చట్టబద్ధమైన కోకా మార్కెట్ అది. బస్సు దిగకముందే వాసన తెలిసింది, పచ్చి గడ్డి ఎండలో ఆరినట్టు. లోపలికి తీసుకెళ్తామని టూర్ వివరాల్లో ఉంది కానీ, ఆ రోజు గేటు దాటనివ్వలేదు. డబ్బులిచ్చి వెళ్లినదానికి ఇలాంటిది ముందే చెప్పాలి. బయట వీధిలో చిల్లరగా అమ్ముకునే ఒక పెద్దావిడ దగ్గర కూర్చోబెట్టారు. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. నా మట్టుకు ఈ టూర్ అంటే ఆ ఇరవై నిమిషాలే.

ఆకు బిర్యానీ ఆకులో సగం కూడా ఉండదు. పలచన. మధ్య ఈనెకు రెండు పక్కలా ఇంకో సన్నని గీత కనిపిస్తుంది. ఆవిడ చిరగని ఆకులు ఒక్కొక్కటే ఏరి, తొడిమ గిల్లి, బుగ్గన పెట్టుకోమంది. నమలకూడదు, ఊరనివ్వాలి. తర్వాత ఒక నల్లటి ముద్ద లోంచి చిటికెడు గిల్లి ఇచ్చింది. కీన్వా కాడల బూడిదతో చేస్తారు, లెహియా అంటారు. ఆకు ఒక్కటే అయితే చేదు. బూడిద తగలగానే రసం ఊరింది, బుగ్గ లోపల మొద్దుబారింది. మా నాన్న పొద్దున్నే గట్టు మీద కూర్చుని ఆకు తువ్వాలుకు తుడిచి, తొడిమ తుంచి, కొన గిల్లి, వేలితో సున్నం రాసేవాడు. సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందని నాకు ఎప్పుడూ తక్కువే రాసేవాడు. ఆవిడ కూడా నా ముద్దలోంచి కాస్త వెనక్కి తీసేసుకుంది. కొత్తవాళ్లకు ఇంత చాలు అన్నట్టు చెయ్యి ఊపింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గైడ్ అప్పుడు 1961 నాటి ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల ఒప్పందం గురించి చెప్పాడు. కోకా ఆకును అందులో కొకైన్, హెరాయిన్ ఉన్న జాబితాలోనే పెట్టారు. ఆకు నమిలే అలవాటు 25 ఏళ్లలో ఆగిపోవాలని రాశారు. అదే ఒప్పందం 27వ అధికరణంలో, మత్తు పదార్థం తీసేసి రుచి కోసం ఆకు వాడుకోవచ్చని పానీయాల కంపెనీలకు దారి ఉంచారు. మన దేశం సంగతి నేను చెప్పాను: ఆ ఒప్పందం గంజాయి నిర్వచనంలోంచి ఆకునూ గింజనూ వదిలేయడంతో మన భాంగ్ నిలిచింది. ఆండీస్ రైతుకు ఆ మినహాయింపు దొరకలేదు. 2009 మార్చిలో వియన్నా సమావేశంలో మొరాలెస్ వేదిక మీదే ఆకు తీసి నోట్లో వేసుకున్నాడు. అప్పటికే, 2008లోనే, అమెరికా రాయబారినీ, ఆ దేశ మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ అధికారులనూ దేశం నుంచి పంపించేశాడు. 2011లో ఒప్పందం నుంచి బయటికి వస్తున్నామని బొలీవియా నోటీసు ఇచ్చి, నమిలే హక్కు మాకుంటుందన్న షరతుతో 2013 జనవరిలో తిరిగి చేరింది. అడ్డుకోవాలంటే సభ్యదేశాల్లో మూడోవంతు అభ్యంతరం చెప్పాలి. చెప్పినవి 15. వాటిలో భారత్ లేదు. అది విని సంతోషించాను.

ఇక నా ఫిర్యాదు.

నాలుగు గంటల్లో గైడ్ కనీసం పదిసార్లు “కోకా అంటే కొకైన్ కాదు” అన్నాడు. ఒప్పుకుంటాను. కానీ చాపారేలో పండే ఆకులో అత్యధిక భాగం చట్టబద్ధమైన మార్కెట్‌కు రాదని ఐరాస నివేదికలే ఏటా చెప్తున్నాయి. మరి ఎక్కడికి పోతోంది? ఈ ప్రశ్న టూర్‌లో లేదు. కుటుంబానికి ఒక ‘కాతో’, అంటే 1,600 చదరపు మీటర్లు, మన లెక్కలో 40 సెంట్లు, వేసుకోవచ్చన్న 2004 ఒప్పందం గురించి గర్వంగా చెప్పాడు. సైన్యంతో పీకించడం కంటే అది నిజంగా మంచి పద్ధతి. 2017లో చట్టబద్ధ విస్తీర్ణం 22,000 హెక్టార్లకు పెంచి, అందులో 7,700 చాపారేకు ఇచ్చిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశాడు. మాదకద్రవ్యాల నిరోధక దళానికి అధిపతిగా చేసిన రెనే సనాబ్రియా 2011లో పనామాలో పట్టుబడి అమెరికాలో శిక్ష పడ్డ విషయమూ, అదే పదవి చేసిన మాక్సిమిలియానో దావిలాను 2024 డిసెంబర్‌లో అమెరికాకు అప్పగించిన విషయమూ ఎత్తలేదు.

అన్నిటికంటే బాధ కలిగించింది 1980. సాన్ పెద్రో నుంచి వస్తూ మేం ఎల్ ప్రాడో అనే ప్రధాన వీధి దాటాం. 1980 జూలై 17న గార్సియా మేసా సైన్యంతో అధికారం లాక్కున్న రోజు, సోషలిస్టు నాయకుడు మార్సెలో కిరోగా శాంతాక్రూజ్‌ను కాల్చింది అక్కడున్న కార్మిక సంఘం ఆఫీసులోనే. ఆయన శవం ఇప్పటికీ కుటుంబానికి అందలేదు. ఆ కుట్రకు కొకైన్ వ్యాపారుల డబ్బు అందింది, నాజీ యుద్ధ నేరస్థుడు క్లాస్ బార్బీ చెయ్యి వేశాడు. హోంమంత్రి ఆర్సే గోమెజ్ తర్వాత అమెరికా జైలుకు పోయాడు. కొకైన్ ఒక దేశాన్ని కొన్న సంగతి అది. అమెరికా కూడా ఆ ప్రభుత్వాన్ని గుర్తించలేదు. ఆ చోటు పక్కనుంచే మాట్లాడకుండా నడిచాం. ప్రయాణానికి ముందు చదువుకుని ఉండబట్టి తెలిసింది, లేకపోతే నాకూ తెలిసేది కాదు.

టూర్ అయ్యాక టీ తాగుతూ గైడ్‌ను ఇదే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. అప్పుడు తనకు పదహారేళ్లని, గని ఊళ్లోకి సైన్యం వచ్చినప్పుడు తండ్రి వారం రోజులు ఇంటికి రాలేదని చెప్పాడు. టూరిస్టులు కోకా, కొకైన్ ఒకటే అనుకుని వస్తారు, ఆ కథ చెప్తే అదే నిజమనుకుని వెళ్తారని ఆయన భయం. అర్థం చేసుకోగలను. అయినా ఆకును కాపాడాలంటే ఆ కథ కూడా చెప్పాలి అనే నా అభిప్రాయం. ఆయన నోటితో చెప్తే దాని బరువే వేరు. నిర్వాహకులకు ఇదే రాసి పంపాను.

మేం వచ్చేశాక అక్టోబర్ 19న రోడ్రిగో పాజ్ గెలిచాడు, నవంబర్ 8న ప్రమాణం చేశాడు. అమెరికాతో సంబంధాలు మళ్లీ కలుపుతానన్నాడు. ఆయన తండ్రి హైమే పాజ్ సమోరా 1989 నుంచి 93 దాకా అధ్యక్షుడు. కోకా వేరు, కొకైన్ వేరని ప్రపంచమంతా తిరిగి చెప్పినవాడు. 1996లో మాదకద్రవ్యాల వ్యాపారులతో సంబంధాల ఆరోపణ మీద అమెరికా ఆయన వీసానే రద్దు చేసింది. ఈ తండ్రీకొడుకుల సంగతి ఇప్పుడు వెళ్లేవాళ్లు గైడ్‌ను తప్పకుండా అడగండి.

వెళ్లేవాళ్లకు ఇంకొన్ని మాటలు. లా పాజ్‌లో దిగిన మొదటి రోజే ఈ టూర్ పెట్టుకోకండి, ఒక రోజు ఆగండి. మార్కెట్ లోపలికి అనుమతి ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. ఉద్యోగంలో డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్లు కోకా టీ కూడా తాగొద్దు, పరీక్షలో బయటపడుతుంది. టీ ప్యాకెట్లు సరదాకైనా సూట్‌కేసులో పెట్టుకోవద్దు. మన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో కోకా ఆకు కూడా నేరమే, బ్రెజిల్‌లోనూ కుదరదు. మార్కెట్ దగ్గర పెద్దావిడ కాగితంలో చుట్టి ఇచ్చిన గుప్పెడు ఆకు నేను హోటల్లో గది శుభ్రం చేసే అమ్మాయికి ఇచ్చి వచ్చాను. ఆమె రెండు చేతులూ చాచి తీసుకుంది.