మొదటి బేస్ జంప్‌కి పీసీఏనే ఎందుకు: నాలుగు పద్ధతుల మీద నా రివ్యూ

స్కైడైవింగ్ బాగా చేసి, ఇప్పుడు బేస్ (విమానం నుంచి కాక వంతెన, కొండ, భవనం లాంటి కదలని చోటు నుంచి పారాచ్యూట్‌తో దూకడం) కోర్సులో చేరబోయేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: మొదటి జంప్‌లో పారాచ్యూట్ ఏ పద్ధతిలో తెరవాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను. తగినంత ఎత్తున్న వంతెన, కింద దిగడానికి వీలైన చోటు, పక్కన అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్, ఈ మూడూ ఉంటే పీసీఏ (ఇన్‌స్ట్రక్టర్ పట్టు వల్ల పారాచ్యూట్ తెరుచుకునే పద్ధతి) తీసుకోండి. స్టాటిక్ లైన్ (వంతెనకి కట్టిన దారం తెరిపించేది) కూడా మంచిదే, ఎత్తు తక్కువైన చోట దాన్ని మించింది లేదు. హ్యాండ్‌హెల్డ్ (చిన్న పారాచ్యూట్‌ను చేతిలో పట్టుకుని దూకి మీరే విసిరేది) రెండో మెట్టు. స్టోవ్డ్ (దాన్నే వెనక సంచిలోంచి తీసి విసిరేది) జోలికి మొదటి రోజుల్లో వెళ్లనే వద్దు. ఈ నాలుగూ నేను వాడాను, కొత్తవాళ్లు వీటితో దూకుతుంటే పక్కనే నిలబడి చూశాను కూడా. ఇది చదివి ఎవరూ సొంతంగా వంతెన ఎక్కకండి, కోర్సులో నేర్చుకోవాల్సింది కోర్సులోనే నేర్చుకోవాలి. కానీ అక్కడికి వెళ్లేముందు ఏం ఎంచుకోవాలో, ఎందుకో తెలిసుంటే మీరు అడిగే ప్రశ్నలు మారతాయి.

స్కైడైవింగ్ నుంచి వచ్చినవాళ్లకి ముందుగా ఒక విషయం బుర్రకెక్కాలి. విమానం ముందుకి పోతూ ఉంటుంది కాబట్టి తలుపులోంచి బయటపడగానే ఒంటికి గాలి తగులుతుంది, చేయి కదిపితే తిరుగుతాం, ఆర్చ్ చేస్తే (ఒంటిని విల్లులా వంచితే) నిలకడగా ఉంటాం. వంతెన మీద నుంచి దూకితే మొదట్లో గాలే ఉండదు. మొదటి సెకనులో పడేది 5 మీటర్లు, రెండో సెకను ముగిసేసరికి 20, మూడో సెకనుకి 44. అమెరికాలోని ఐడహోలో ట్విన్ ఫాల్స్ దగ్గరున్న పెరీన్ వంతెన, అనుమతి పత్రం లేకుండా ఏడాది పొడవునా దూకనిచ్చే చోటు, చాలామంది మొదటి జంప్ అక్కడే చేస్తారు. దాని ఎత్తు 486 అడుగులు, అంటే 148 మీటర్లు. పారాచ్యూట్ తెరవకపోతే కింద నది చేరడానికి పట్టేది ఐదున్నర సెకన్లు. స్కైడైవింగ్‌లో మనం సుమారు 900 మీటర్ల దగ్గర పారాచ్యూట్ తెరుస్తాం, అది తేడా చేస్తే రిజర్వ్, అంటే రెండో పారాచ్యూట్ ఉంటుంది. బేస్ రిగ్‌లో (వీపున కట్టుకునే సరంజామాలో) మామూలుగా ఉండేది ఒకే ఒక్క పారాచ్యూట్. రిజర్వ్ తెరిచేంత ఎత్తు మిగలదు కాబట్టే అది పెట్టరు.

గాలి లేని ఆ మొదటి క్షణాల్లో ఒళ్లు ఎలా వదిలితే అలాగే పోతుంది. కిందికి చూస్తూ దూకితే తల కిందికి వాలుతుంది, వాలడం మొదలయ్యాక దాన్ని ఆపడానికి పట్టు దొరకదు. ఒక కాలితో ఎక్కువ తోస్తే పక్కకి తిరుగుతారు. కాబట్టి మొదటి జంప్‌లో అసలు పని ఎగ్జిట్, అంటే వంతెనని వదిలే తీరు. చూపు ఎదురుగా దూరాన ఉన్న దిగంతం మీద, ఛాతీ పైకి, రెండు కాళ్లతో సమానంగా తోపు. భయంతో గుండె గొంతులోకి వచ్చిన మనిషికి ఇదే చాలా పెద్ద పని. దీనికి తోడు చేతికి ఇంకో పని అప్పజెప్పే పద్ధతి మొదటి రోజుకి నప్పదు, నా వాదన మొత్తం ఇక్కడి నుంచే వస్తోంది.

ఇక పీసీఏ. పైలట్ చ్యూట్ అసిస్ట్ అన్నమాట. మీ పైలట్ చ్యూట్‌ను (అసలు పారాచ్యూట్‌ను బయటికి లాగే చిన్న పారాచ్యూట్‌ను) ఇన్‌స్ట్రక్టర్ చేత్తో పట్టుకుని రైలింగ్ దగ్గర మీ వెనకే నిలబడతారు. మీరు దూకుతారు. మీకూ ఆ చేతికీ మధ్య ఉన్న బ్రైడిల్ (పైలట్ చ్యూట్‌ను అసలు పారాచ్యూట్‌కి కలిపే పట్టీ) బిగుసుకుంటుంది, కంటైనర్‌ని (పారాచ్యూట్ మడిచి పెట్టిన వీపు సంచిని) మూసి ఉంచే పిన్‌లు లాగేస్తుంది, కానోపీ (అసలు పారాచ్యూట్ గుడ్డ) బయటకొస్తుంది, దాన్ని మీకు కలిపే లైన్లు పూర్తిగా సాగేసరికి మీ బరువే పైలట్ చ్యూట్‌ను ఆయన చేతిలోంచి లాక్కుంటుంది. బ్రైడిల్ దాదాపు 2.7 మీటర్లు, లైన్లు ఇంచుమించు అంతే అనుకుంటే, ఇదంతా ఆరేడు మీటర్ల లోపే అయిపోతుంది. దూకిన సెకను కాస్త దాటేసరికి మీ కానోపీ గాలి పీల్చుకోవడం మొదలెట్టేసి ఉంటుంది. ఈలోపు మీ చేతులు చేయాల్సిన పని ఏమీ లేదు. చూపు ఎదురుగా ఉంచడం తప్ప.

వినడానికి సులువుగా ఉన్నా ఇందులో సగం జంప్ ఆ పట్టుకున్న చేతిదే. దాన్ని దగ్గర నుంచి చూడండి. ఆ చేయి రైలింగ్‌కి బయట, చాచి ఉండాలి. బ్రైడిల్ కంటైనర్ నుంచి ఆ చేతిదాకా నేరుగా రావాలి, రైలింగ్ కడ్డీల సందులోంచి కాదు, మీ చంక కిందనుంచి కాదు, కాలి చుట్టూ కాదు. పట్టు గట్టిగా ఉండాలి కానీ బ్రైడిల్‌ని వేళ్లకో మణికట్టుకో ఒక్క చుట్టు కూడా చుట్టకూడదు, ఎందుకంటే ఆ చివర దూకిన మనిషి పూర్తి బరువు పడుతుంది. తొందరపడి ముందే వదిలేస్తే పీసీఏ వల్ల రావాల్సిన లాభం పోతుంది, మీ పైలట్ చ్యూట్ గాలే లేని చోట ఊగుతూ తనంతట తాను నిండాల్సి వస్తుంది. పక్కకి జరిగి నిలబడితే లాగుడు ఏటవాలుగా పడి కానోపీ తెరుచుకునే దిక్కు మారొచ్చు.

నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. ఒక కోర్సులో ఇన్‌స్ట్రక్టర్ కింద లాండింగ్ దగ్గర ఉండిపోతే, పైలట్ చ్యూట్ పట్టుకునే పని పాత స్టూడెంట్ ఒకరికి అప్పజెప్పారు. అతను మంచివాడే, కానీ జారిపోతుందేమోనన్న భయంతో బ్రైడిల్‌ని చేతికి ఒక చుట్టు తిప్పి పట్టుకున్నాడు. పక్కనున్న ఇంకో జంపర్ చూసి గట్టిగా అరిచి ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ అమ్మాయి ఆ సమయానికి ఫోన్ చూసుకుంటూ ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పీసీఏకి నేను ఇచ్చే మార్కులు పద్ధతికే కాదు, పట్టుకునే మనిషికి కూడా. దూకే ముందు మీరే తల తిప్పి, బ్రైడిల్ ఆ చివర నుంచి ఈ చివరదాకా కళ్లతో ఒకసారి చూసుకోండి. ఆలస్యమవుతోందని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పీసీఏకి ఇంకో లోటు, దాన్ని వాడేవాళ్లు త్వరగా గుర్తించరు. హాయిగా ఉంది కదా అని అదే అలవాటైపోతుంది. ఎవరో ఒకరు వెనక ఉంటేనే దూకగలిగే జంపర్‌గా మిగిలిపోతే, గ్రూపులో ఆఖర్న దూకాల్సిన రోజు ఏం చేస్తారు? ఎగ్జిట్ నాలుగుసార్లు ఒకేలా వస్తోందని వీడియోలో కనబడగానే హ్యాండ్‌హెల్డ్‌కి మారడం గురించి ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడాలి.

స్టాటిక్ లైన్ దీనికి దగ్గరి చుట్టమే. పట్టుకునే చేతికి బదులు బ్రేక్ కార్డ్ అనే సన్నటి దారంతో బ్రైడిల్‌ని వంతెనకి కడతారు. మామూలుగా వాడేది 80 పౌండ్ల బరువుకి, అంటే సుమారు 36 కిలోలకి తెగేది. కానోపీని పూర్తిగా లాగేదాకా ఓర్చుకుని, లైన్లు సాగగానే తెగిపోతుంది. దారానికి కంగారు ఉండదు, చెయ్యి చెమట పట్టదు, ముందే వదిలెయ్యదు. ఎత్తు మరీ తక్కువున్న చోట అనుభవజ్ఞులు కూడా దీన్నే నమ్ముకుంటారు, ఎందుకంటే ప్రతిసారీ ఒకేలా పనిచేస్తుంది. మరి దీన్నే మొదటి స్థానంలో ఎందుకు పెట్టలేదంటే, ఇందులో తప్పు జరిగితే అది దూకకముందే, ముడి వేసేటప్పుడే జరిగిపోతుంది, కొత్తవాడి కంటికి అది కనబడదు. ఇనుప కడ్డీ పదునైన అంచుకి దారం ఒరుసుకుంటే అనుకున్నదానికంటే ముందే తెగుతుంది. దొరికింది కదా అని గట్టి తాడు కడితే అసలు తెగదు, అది ఇంకా పెద్ద ప్రమాదం. ఒకసారి వాడిన దారాన్ని మళ్లీ వాడకూడదు. పీసీఏలో మాత్రం తప్పు పట్టు మీ కళ్లెదుటే ఉంటుంది, పక్కవాళ్లూ చూడగలరు. అయినా ఇన్‌స్ట్రక్టర్ స్టాటిక్ లైనే కడతానంటే కాదనకండి, ముడి దగ్గర కూర్చుని ఎందుకు అక్కడే కట్టారో, కడ్డీకి ఏం చుట్టారో అడగండి. మంచివాళ్లు ఓపిగ్గా చూపిస్తారు.

హ్యాండ్‌హెల్డ్ నాకు ఇష్టమైన పద్ధతి, అందుకే దీని గురించి జాగ్రత్తగా రాస్తాను. పైలట్ చ్యూట్‌ను మడిచి కుడిచేతిలో పట్టుకుని దూకి, అనుకున్న ఆలస్యం తర్వాత మీరే పక్కకి విసురుతారు. బాధ్యత మొత్తం మీది. చేతిలోనే ఉంది కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేదు, అది పెద్ద ధైర్యం. కానీ విసరడం అనేది నేల మీద చేసినంత తేలిక కాదు. కుడిచేతిని ఒక్కదాన్నే విసురుగా పక్కకి చాపితే గాలి లేని చోట ఒళ్లు అటు ఒరుగుతుంది, అందుకే రెండు చేతులూ ఒకేలా కదలడం నేల మీద నిలబడి మళ్లీ మళ్లీ అభ్యాసం చేయిస్తారు. నీరసంగా జారవిడిస్తే పైలట్ చ్యూట్ మీ వీపు వెనకున్న వేగం లేని గాలిలో చిక్కుకుని తడబడుతుంది. బ్రైడిల్ చేతి మీదుగా పోతుందో లేదో చూసుకోకపోతే చేతికే చుట్టుకుంటుంది. మొదటిసారి దూకేవాళ్లలో కొందరు భయంతో పిడికిలి బిగించేస్తారు, మరికొందరు కాళ్లు వంతెనని వదలకముందే విసిరేస్తారు. ఈ రెండూ మొండితనమో తెలివితక్కువతనమో కాదు, మనిషి మెదడు ఆ క్షణంలో అలాగే పనిచేస్తుంది. ఎగ్జిట్ అలవాటై, దూకాక కూడా ఆలోచించగలిగే స్థితి వచ్చాక ఇదే పద్ధతి హాయిగా ఉంటుంది. వెస్ట్ వర్జీనియాలో అక్టోబర్‌లో బ్రిడ్జ్ డే అనే వేడుక జరిగే న్యూ రివర్ గార్జ్ వంతెన 876 అడుగులు, అంటే 267 మీటర్లు. అలాంటి ఎత్తులో రెండు మూడు సెకన్ల హ్యాండ్‌హెల్డ్‌కి చాలినంత జాగా ఉంటుంది.

స్టోవ్డ్ అంటే మనకి స్కైడైవింగ్‌లో అలవాటైనదే, పైలట్ చ్యూట్ కంటైనర్ అడుగున ఉన్న పౌచ్‌లో ఉంటుంది, వెనక్కి చేయి పెట్టి తీసి విసరాలి. అలవాటైనదే కదా అని కొత్తవాళ్లు దీన్నే అడుగుతారు. వద్దు. చేయి వెనక్కి పోగానే ఒళ్లు కదులుతుంది, మొదటిసారికి అందకపోతే మళ్లీ వెతకాలి, రెండు సెకన్లు దాటాక వృథా అయ్యే ఒక్కో సెకనూ పాతిక మీటర్ల దాకానో, అంతకంటే ఎక్కువో మింగేస్తుంది. నార్వేలోని షెరాగ్ లాంటి దాదాపు 1000 మీటర్ల కొండల మీద, స్లైడర్ (కానోపీ తెరుచుకోవడాన్ని నెమ్మది చేసే గుడ్డ ముక్క) పైకి పెట్టి ఎక్కువసేపు పడే జంప్‌లలో దీని విలువ తెలుస్తుంది. అక్కడికి వెళ్లేసరికి మీకు నా రివ్యూ అక్కర్లేదు.

పద్ధతి ఏదైనా గేర్ దానికి సరిపడాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. తక్కువ వేగంలో గాలిని పట్టాలంటే పైలట్ చ్యూట్ పెద్దది కావాలి. స్కైడైవింగ్‌లో 28 అంగుళాల దరిదాపుల్లో ఉండేది, చిన్న ఆలస్యం బేస్ జంప్‌కి 46 లేదా 48 అంగుళాలు వాడతారు. పీసీఏలో చేయే లాగుతుంది కదా, చిన్నదైనా పర్వాలేదు అనే మాట నేను విన్నాను, ఒప్పుకోను. చేయి ముందే వదిలితే మిగిలేది ఆ పైలట్ చ్యూట్ ఒక్కటే. చిన్న ఆలస్యం జంప్‌లకి స్లైడర్ తీసేసి ప్యాక్ చేస్తారు కాబట్టి టెయిల్ గేట్ (కానోపీ వెనక అంచు దగ్గర బ్రేక్ లైన్లను తెరుచుకునేదాకా కలిపి ఉంచే ఏర్పాటు) సరిగ్గా వేశారో లేదో చూడాలి, లేదంటే బ్రేక్ లైన్ కానోపీ మీదుగా పడే లైన్‌ఓవర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అది వస్తే ఆ లైన్‌ని పూర్తిగా వదిలించుకునే టాగిల్స్ (చేతి పట్టులు) ఉంటాయి, వాటిని ఎలా వాడాలో దూకకముందే చేతికి రావాలి. కానోపీ తెరుచుకోగానే మొదటి పని దిక్కు చూడటం, తప్పు దిక్కులో ఉంటే వెనక రైజర్లు (లైన్లను భుజాల దగ్గర కలిపే పట్టీలు) పట్టి తిప్పడం. వంతెనకి వెనక గోడ ఉండదు కాబట్టి ఇక్కడ తప్పు దిక్కుని సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది, కొండ మీద అది దొరకదు. మొదటి జంప్‌కి వంతెనే ఎందుకు అంటే ఇదే కారణం.

కోర్సుకి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి: నా పైలట్ చ్యూట్ ఎవరు పట్టుకుంటారు, వాళ్లు అంతకుముందు ఎంతమందికి పట్టారు, మొదటి ప్యాకింగ్ నా పక్కన కూర్చుని చూపిస్తారా, ఎన్ని స్కైడైవ్‌లు ఉంటే చేర్చుకుంటారు. చాలా కోర్సులు 200 దరిదాపుల్లో అడుగుతాయి, అసలేమీ అడగని చోటు నాకు నచ్చదు. మొదటి ప్రశ్నకి "అప్పుడు ఎవరుంటే వాళ్లు పట్టుకుంటారులే" అన్నారంటే, ఇంకో కోర్సు చూసుకోండి.